కన్నవారి ఊరు గడి

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. హాల్లో కంప్యూటరు భాషల్లో జావా గొప్పదా, పైథాన్ గొప్పదా అన్న యుద్ధం రెండో టీ దాటి మూడో టీలోకి వచ్చింది. మా ఆయన దేవేంద్ర జావా పక్షం. పద్నాలుగేళ్లుగా బెంగళూరు కంపెనీకి అందులోనే పనిచేస్తున్నాడు, అందులో నాలుగేళ్లు శ్రీకాకుళంలో మా మేడమీద గదిలోంచే. ఆయన స్నేహితుడు పృథ్వీరాజ్‌ది పైథాన్ పక్షం. "నువ్వు పది లైన్లు రాసేది నేను రెండు లైన్లలో తేల్చేస్తాను బావా" అంటాడు అతను. "ఆ రెండు లైన్లూ వాడేవాళ్లు పెరిగేసరికి బోర్లా పడతాయిరా" అంటాడు ఈయన. మధ్య కుర్చీలో జగన్నాధం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, వాదన ఎటు పోతే అటు తల తిప్పుతూ కూర్చున్నారు.

వాళ్లు మాట్లాడుతున్నది నా ప్రోగ్రాం గురించి. దాన్ని తీసేసి, కొత్తది ఏ భాషలో రాయాలా అని.

మాస్టారి ట్రస్టుకి నౌపడ వెళ్లే దారిలో ఒక డయాలసిస్ కేంద్రం ఉంది. కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి రెండు మూడుసార్లు వచ్చి, మిషన్ మీద నాలుగేసి గంటలు పడుకుని వెళ్తారు. ఎవరు ఏ రోజు రావాలి, ఏ మంచం ఎవరిది అన్నది మూడేళ్ల క్రితం దాకా నోటు పుస్తకంలో ఉండేది. పాపను బడిలో దింపి వచ్చాక దొరికే గంటల్లో దానికొక ప్రోగ్రాం రాశాను, నాకొచ్చిన పీహెచ్‌పీలో, మా ఆయన పక్కన పడేసిన లాప్‌టాప్ మీద. పెళ్లికి ముందు విశాఖలో రెండేళ్లు ఉద్యోగం చేసినదాన్ని. "సేవమ్మా ఇది" అన్నారు మాస్టారు. "శైలూ కాలక్షేపం" అన్నాడు మా ఆయన. "కంప్యూటర్ ముందు కూకుంటే కూర ఉడుకుతాదేటి?" అంది మా అత్తగారు. నిజమే, ఉడకదు. అందుకని కూర పొయ్యి మీద పెట్టే కూర్చునేదాన్ని. మూడేళ్లలో రెండుసార్లు మాడింది. రెండుసార్లేనని కూడా ఆవిడే చెప్తుంది, వచ్చినవాళ్లందరికీ.

"పీహెచ్‌పీ అంటే తాతల కాలం నాటి సరుకు మాస్టారూ. ఇప్పుడెవరూ ముట్టరు" అన్నాడు పృథ్వీ. మా ఆయన నవ్వాడు. పృథ్వీ అన్నందుకు నాకేం అనిపించలేదు. ఈయన నవ్వడమే గుచ్చుకుంది. ఆ ప్రోగ్రాం నడవక నేను ఏడుస్తూ కూర్చున్న రోజున, పక్కన కూర్చుని తప్పు వెతికిపెట్టింది ఈయనే. ఆ ఉపకారం నేను మరిచిపోలేదు. ఆయనే మరిచిపోయినట్టున్నాడు.

నిజానికి వాళ్ల వాదన నాకు ఇష్టమే. కాలేజీలో నేనూ గొంతు చించుకున్నదాన్నే. జావా మా అత్తగారి తీరు, ప్రతిదీ ముందుగా చెప్పి మరీ చెయ్యాలి, కానీ ఒకసారి సరేనందంటే మాట తప్పదు. పైథాన్ ఎంత చక్కగా ఉంటుందో నాకూ తెలుసు. నా పీహెచ్‌పీ పల్లెవెలుగు బస్సు, చూడ్డానికి ఏమీ ఉండదు, చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది. ఈ ముక్క హాల్లోకి వెళ్లి చెప్పచ్చు. కానీ నన్నెవరూ అడగలేదు, టీలో పంచదార సరిపోయిందా అని కూడా నేనే అడిగాను.

టీ గ్లాసులు తీయడానికి వెళ్లేసరికి పృథ్వీ తన లాప్‌టాప్ మాస్టారి వైపు తిప్పుతున్నాడు. రెండు సాయంత్రాల్లో పైథాన్‌లో నమూనా చేసి తెచ్చాడట. మా ఆయన దగ్గర నా లిస్టు తీసుకుని అందులో ఎక్కించాడు. తెర బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి. పెద్ద అక్షరాలు, చల్లని రంగులు. పైన మొత్తం రోగులు అన్నచోట 203 అని ఉంది.

నా లిస్టులో 214. ఆ సంఖ్య నాకు మా పాప పుట్టినరోజంత గట్టిగా గుర్తు.

"పదకొండు మంది ఏమయ్యారు?" అన్నాను, గ్లాసులు చేతిలోనే ఉన్నాయి.

"అవి డూప్లికేట్లు సిస్టర్. ఒకే మనిషి రెండేసిసార్లు ఎక్కి ఉంటే క్లీన్ చేసేశాను. మీ పాత ప్రోగ్రాం పట్టుకోలేకపోయింది" అన్నాడు పృథ్వీ, పాపం సంతోషంగానే. "ఇంకోటి, కన్నవారి ఊరు అని ఒక గడి ఉంది. ఆస్పత్రికి అదెందుకని తీసేశాను."

గ్లాసులు బల్ల మీద పెట్టేశాను. తీసేసిన పేర్లు చూపించమన్నాను. చూపించాడు. పదకొండూ ఆడవాళ్లవే.

మగవాళ్లలో పేర్లు కలిసినవాళ్లు లేరా అంటే, బోలెడంతమంది ఉన్నారు. మావైపు తాత పేరు మనవలందరికీ పెడతారు. ఒక్కో ఇంట్లో ముగ్గురేసి రాముళ్లుంటారు. అయితే వాళ్ల తండ్రులు వేరు, తండ్రి పేరు చూస్తే విడిపోతారు. వాళ్ల పెళ్లాల సంగతి అలా కాదు. ఇంటిపేరు భర్తది, ఊరు భర్తది, పక్కన రాసే పేరూ భర్తదే. ఇద్దరు రాముళ్లకు ఇద్దరు నారాయణమ్మలు దొరికితే, కంప్యూటరుకి ఇద్దరూ ఒక్కరే. వయసు అడిగితే ఇద్దరూ యాభై అనే చెప్తారు.

ఈ తప్పు మొదట చేసింది నేనే. కేంద్రంలో ప్రోగ్రాం పెట్టిన మొదటి నెలలో ఒక నారాయణమ్మ వచ్చి నిలబడితే, మీ పేరు ముందే ఎక్కింది, మీ వంతు రేపు అని వెనక్కి పంపబోయాను. కాళ్లు వాచిపోయి ఉన్నాయి ఆవిడకి. ఆధార్ కార్డు అడిగాను. ఆయాసంతో ఆటో ఎక్కి వచ్చిన మనిషి కార్డెక్కడ తెస్తుంది? నర్సు యమున పరిగెత్తుకొచ్చింది. "ఆవిడ పాతపట్నమమ్మ, ఈవిడ నౌపడమ్మ. పెదనాన్న, చిన్నాన్న బిడ్డల పెళ్లాలు, ఇద్దరూ తోడికోడళ్లేనమ్మా!" అంది. నారాయణమ్మ నా మీద కోప్పడలేదు. బల్ల మీద చెయ్యి ఆన్చుకుని, "మా ఊర్లో నన్నెవులూ పేరెట్టి పిలవరమ్మా. నౌపడమ్మనే అంతారు. కన్నోరూరు అడిగితే తేలిపోతాది కదా" అంది. ఆ సాయంత్రమే ఆ గడి పెట్టాను. నా కన్నవారిది పొందూరని తెలిశాక కేంద్రంలో అందరూ నన్నూ పొందూరమ్మనే పిలవడం మొదలుపెట్టారు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాను, ఒక్క మేష్టారూ చెప్పని పాఠం అది. ఆవిడకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇదంతా హాల్లో చెప్పలేదు. యమునకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను. మాస్టారే అడిగారు, "నారాయణమ్మలు ఇద్దరున్నారేటమ్మా?" అని.

"ఉన్నారు సార్. ఇద్దరూ ఇప్పుడు మిషన్ మీదే ఉన్నారు. నౌపడమ్మది మూడో మంచం, పాతపట్నమమ్మది అయిదు. ఏటైంది సార్?"

వెనకాల నుంచి నౌపడమ్మ గొంతు వినబడింది. "ఎవులే, పొందూరమ్మేనా? ఓ పాలి నా కాడెట్టు." ఫోను చేతులు మారిన చప్పుడు. "ఏటమ్మా పొందూరమ్మా, బాగున్నావా? ఆదివారం కూడా మా పనేనేటి? అన్నం తిన్నావా?"

ఆ రోజు నన్నా మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే, సూదులు గుచ్చించుకుని మంచం మీద పడుకుని. "ఇంకా లేదు నారాయణమ్మా, తింటాను" అన్నాను.

పృథ్వీ మొహం ఎర్రబడింది. "ఇది పెట్టేసి ఉంటే వారానికి పదకొండు మంది ఆగిపోయేవాళ్లు సిస్టర్. సారీ" అన్నాడు. కుర్రతనం ఉన్నా మంచివాడు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతసేపూ వీళ్లనే అడిగినాను, నిన్నడగలేదు, నాది తప్పు. ఏ భాషలో రాయాలో నువ్వు సెప్పమ్మా" అన్నారు.

"పైథాన్‌లోనే రాద్దాం మాస్టారూ. పృథ్వీ చేసిన తెర బాగుంది, చూపు తగ్గినవాళ్లకు ఆ పెద్ద అక్షరాలు కావాలి. నాకు రానిది నేర్చుకుంటాను. నెట్ లేకపోయినా నడవాలి. ఏ గడి ఉండాలో, ఏది పోవాలో మాత్రం నేను చెప్తాను" అన్నాను. ఇంత పొడుగు మాట ఆ హాల్లో నేనెప్పుడూ మాట్లాడలేదు. మాస్టారు సరేనన్నారు. పృథ్వీ అప్పటికే నోట్ చేసుకుంటున్నాడు.

వాళ్లు వెళ్లాక నా పాత లాప్‌టాప్ తెరిచాను. కొత్తది వచ్చేదాకా నడవాల్సింది ఇదే. పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఒక లైను ఉంటుంది, తయారీ: దేవేంద్ర అని. రాసింది నేనే. ఆడమనిషి చేసిందంటే నమ్మరేమోనని ఆ రోజు అలా రాశాను. ఆయన రాయమనలేదు. వద్దనీ అనలేదు. యమున ఆ లైను ఎప్పుడూ పట్టించుకోలేదు, ఎవరడిగినా "మా పొందూరమ్మ సేసినాది" అనే చెప్పేది. ఆ మాట నాకు ఎంత బలమిచ్చిందో ఆ పిల్లకు తెలీదు. రేపు వెళ్లగానే చెప్పాలి.

లైను చెరిపి, తయారీ: పొందూరు శైలజ అని కొట్టాను.

చిక్కుడుకాయల చేట పట్టుకుని మా ఆయన వెనకే నిలబడ్డాడు. ఈనెలు తీయడం రాదు, సగం కాయ ఈనెతోనే పోతోంది. తెర వంక చాలాసేపు చూశాడు.

"నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ లైను చూపించి, "ఇంటిపేరు రాయలేదేటి?" అన్నాడు.

"మీ ఇంటిపేరుతో శైలజను వెతికితే మీరు దొరుకుతారు. పొందూరు శైలజ అని వెతికితే నేను దొరుకుతాను."