ఆరుసార్లు అమ్ముడుపోయిన గుమ్మడికాయ

దేశంలో మాంద్యం ఉందో లేదో తేలితే పిల్లల గది సంగతి తేలుస్తామని కమిటీవాళ్లు అన్న రోజు నుంచి నాకు ఒక్కచోట కుదురు లేదు. పాలు పొయ్యి మీద పెట్టి గుమ్మం దాకా వెళ్లడం, గుమ్మం దగ్గర నిలబడి పాలు గుర్తొచ్చి పరిగెత్తడం. ఈ నవంబరు నెలంతా అలాగే గడిచింది.

మా చర్చి ఖాజాగూడలో చెరువుకు కాస్త ఎగువన ఉంది. అవతల బండల కింద పాలమూరు కూలీల గుడిసెలు. పొద్దున ఏడింటికి లారీ వచ్చి వాళ్లను మాదాపూర్ తీసుకుపోతుంది. కంప్యూటర్ ఆఫీసుల కోసం అక్కడ మేడలు కడుతున్నారు. తల్లులు తట్టలు మోస్తుంటే పసిపిల్లలు ఇసుక కుప్పల మీద ఉండేవాళ్లు. ఎటూ పాకిపోకుండా కాలికి చీరపేలిక కట్టి, దాని రెండో కొసను ఇనుప చువ్వకు ముడివేసేవాళ్లు. రెండేళ్ల కింద మా పాస్టరు జోయెల్ అయ్యగారు అది చూసి వచ్చి చర్చి వెనక గది తెరిపించారు. అప్పటి నుంచి పిల్లల్ని నేను చూసుకుంటున్నాను. ఇప్పుడు పదకొండు మంది. దూలాలకు నాలుగు చీర ఉయ్యాలలు. చర్చిలో అందరూ నన్ను లీదమ్మ అంటారు. ఆ పిల్లలకు మాత్రం నేను 'మ్మా'ను.

గొడవ మొదలైంది అక్టోబరు చివరి ఆదివారం, కమిటీ కూర్చున్నప్పుడు. నేను టీ గ్లాసులు పట్టుకుని లోపలికి పోయేసరికి కార్యదర్శి సామ్యేలు గొంతు పెద్దది చేశాడు. అతను బాలానగర్‌లో ఇనుప సామాన్లు చెక్కే ఒక లేతు షెడ్డులో ఫోర్‌మన్.

"మాంద్యం లేదంటవేంది తమ్మీ? జర బాలానగర్ దాకా వచ్చి చూడు. మూడు షిఫ్టులు నడిచే షెడ్డుల ఇప్పుడు ఒక్కటే నడుస్తున్నది. మిషన్ల మీద గుడ్డలు కప్పినం."

కోశాధికారి నతానియేల్ నవ్వాడు. ఏలూరు నుంచి వచ్చిన కుర్రాడు, కంప్యూటర్ ఆఫీసులో పని. "అది బాలానగర్ అండి. దేశం కాదు. మా ఆఫీసులో ఈ ఒక్క ఏడాదే నలభై మందిని తీసుకున్నారు. రెండువేల సంవత్సరం వచ్చేలోపు కంప్యూటర్లలో తారీఖులు సరిచెయ్యాల్సిన పని చూస్తే ఇంకో నలభై మంది కావాలి."

"నా షెడ్డు దేశం కాకపోతే నీ ఆఫీసెట్ల దేశమైతది?"

అయ్యగారు గ్లాసు అందుకుంటూ, "నాయనా, మనం గది గురించి కదా మాట్లాడుకుంటున్నది?" అన్నారు.

"గది గురించే అయ్యగారూ," అన్నాడు సామ్యేలు. "మాంద్యం వచ్చింది. కానుకలు తగ్గుతయి. పాలు, బియ్యం, లీదమ్మ వదిన జీతం మనం మొయ్యలేం. మేడల పని ఆగితే కూలోళ్లే వాపస్ పోతరు. గది మూసేద్దాం."

ఈ పిల్లవాడు గెలవాలి ప్రభువా అనుకుంటూ నతానియేల్ వైపు చూశాను. అతను ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మాంద్యమేం లేదండి. పనులు ఇంకా పెరుగుతాయి. ఇక్కడికి జనం వస్తారు. ఇప్పటికే ఒకాయన అడిగాడు, ఆ వెనక గదిలో ఎస్టీడీ బూతు, జిరాక్సు పెట్టుకుంటానని. మంచి అద్దె ఇస్తాడు. ఇంత మంచి టైములో గదిని ఉయ్యాలలకు వదిలేయడం తెలివైన పని కాదండి."

అంటే మాంద్యం ఉన్నా గది పోతుంది, లేకున్నా పోతుంది. నేను గ్లాసులు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

కానీ గది ఆ రోజు పోలేదు. అయ్యగారికి ఒక పట్టింపు ఉంది. ఏ తీర్మానం రాసినా కారణం రాయాలి. కింద కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. లేకపోతే పై ఆఫీసు దాన్ని వెనక్కి పంపుతుంది. గది ఖాళీ చేయించాలన్నంతవరకు ఇద్దరిదీ ఒకటే మాట. కారణం దగ్గరే వచ్చింది పేచీ. 'మాంద్యం వల్ల' అని రాస్తే నతానియేల్ సంతకం పెట్టనన్నాడు. 'ఈ ప్రాంతం అభివృద్ధి చెందుతున్నందువల్ల' అని రాస్తే సామ్యేలు పెన్ను మూత తియ్యనన్నాడు.

"కోత పండుగ కానియ్యండి," అన్నారట అయ్యగారు. "కానుకల వేలం ఎట్లా పోతుందో చూసి రాద్దాం."

పండుగ వచ్చింది. ఆ రోజు అందరూ పంటలో కొంత దేవునికి కానుకగా తెస్తారు, ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ రోజు పొద్దున్నే బాలమణి వచ్చింది. పాలమూరు పిల్ల, చంకలో ఎనిమిది నెలల కొడుకు, నెత్తిన గుమ్మడికాయ.

"గుడిసె మీద కాసిందమ్మా. పిల్లలకు వండిపెట్టు," అని గుమ్మంలో దించి లారీ కోసం పరిగెత్తింది. పండుగైనా ఆదివారమైనా వాళ్ల లారీ ఆగదు.

నేను చంటివాణ్ణి ఉయ్యాలలో వేసి వచ్చేసరికి గుమ్మడికాయ లేదు. కానుకలు మోసేవాళ్లు అదీ కానుకేననుకుని తీసుకుపోయి బల్ల మీద పెట్టారు. నేను చూసేసరికి వేలం మొదలైపోయింది.

వేలం పాడించేది నర్సు రూబీ. దవాఖానలో వార్డు ఆ చివర ఉన్న రోగిని ఈ చివర నుంచి లేపే గొంతు ఆమెది. "అది పిల్లలది రూబీ," అన్నాను దగ్గరికి పోయి. "బల్ల మీదికొచ్చినంక దేవునిది వదినా. పక్కకు జరుగు," అంది.

ముందు ఉల్లిగడ్డల గంప వచ్చింది. అంగట్లో కిలో నలభై దాటిన రోజులవి. కోడిపుంజు కంటే ఉల్లిగడ్డలు ఎక్కువ పలికాయి. "చూసినవా? కోడిని గెల్చిన ఉల్లిగడ్డ! ఇగ మాంద్యమంటే ఏంది?" అన్నాడు సామ్యేలు వెనక నుంచి. "కొనేవాళ్లున్నారు కాబట్టే కదండి పలికింది?" అన్నాడు నతానియేల్ ముందు నుంచి.

తర్వాత గుమ్మడికాయ. అయ్యగారి భార్య పాతిక రూపాయలకు పాడి, చప్పట్ల మధ్య దాన్ని మళ్లీ బల్ల మీదే పెట్టింది. మా చర్చిలో అది ఆనవాయితీ. పాడుకున్నవాళ్లు ఇష్టమైతే వస్తువును మళ్లీ దేవునికే ఇస్తారు, అది మళ్లీ వేలానికి వస్తుంది. రెండోసారి చెరువు కాడి ముసలాయన తిమ్మప్ప నలభైకి పాడి తిరిగిచ్చాడు. మూడోసారి నతానియేల్ లేచాడు.

"వంద!"

"గుమ్మడికాయకు వందనా?" అంది రూబీ. "లోపల కంప్యూటరు గిట్ల ఉన్నదా?"

అందరూ నవ్వారు. నతానియేల్ తిరిగిచ్చాడు. "మాంద్యం లేదని చూపించడానికి," అన్నాడు మెల్లగా, అందరికీ వినపడేలాగే.

సామ్యేలు మెడ ఎర్రబడింది. "నూటయాభై!"

అతని పక్కనున్నవాళ్లు, "ఏం సామ్యేలూ, ఒక్క షిఫ్టుతోనే నూటయాభయ్యా?" అని ఆటపట్టించారు. అతను వినలేదు. తిరిగిచ్చాడు. నతానియేల్ రెండువందల ఇరవై అన్నాడు, తిరిగిచ్చాడు. సామ్యేలు మూడువందల పది అన్నాడు.

ఆరుసార్లు. ప్రతిసారీ దాన్ని ఎత్తి చూపిస్తుంటే తొడిమ దగ్గర అంటిన గుడిసె కప్పు గడ్డిపోచ ఊగుతూ ఉంది. నేను లేచి కూర్చున్నాను, కూర్చుని లేచాను. వెనక గదిలో ఎవరో ఏడుస్తున్నారు. పోవాలి. పోతే ఇక్కడేం జరుగుతుందో తెలియదు.

రూబీ గొంతు పోయింది. "తినొచ్చినంక ఏడోసారి పెడదం," అన్నాడు సామ్యేలు. గుమ్మడికాయ బల్ల మీదే ఉండిపోయింది.

పలావు తిన్నాక కమిటీ కూర్చుంది. కడుపు నిండిన మనుషులు మెత్తబడతారు. నేను టీ తీసుకుపోయేసరికి నతానియేల్ కుర్చీలో వెనక్కి వాలి, "పోనీ రాసేయండి అయ్యగారూ. మాంద్యమనే రాయండి. మాటలో ఏముంది? ఆ ఎస్టీడీ ఆయన ఇంకెన్నాళ్లు ఆగుతాడు?" అంటున్నాడు.

సామ్యేలు సంతోషంగా పెన్ను మూత తీశాడు. అయ్యగారు పుస్తకం విప్పి రాయడం మొదలుపెట్టారు. 'దేశంలో నెలకొన్న ఆర్థిక' అన్నంతవరకు నాకు కనపడింది. చదవడం ఈమధ్యే వచ్చిన నాకు తలకిందులుగా చదవడం అదే మొదటిసారి.

గ్లాసు ఆయన చేతి పక్కన పెట్టి అడిగాను. "అయ్యగారూ, మాంద్యమని రాస్తే పైవాళ్లు అడగరా? మాంద్యంల గుమ్మడికాయ మూడొందల పదికి ఎట్ల పోయిందని?"

అయ్యగారి పెన్ను ఆగింది.

నతానియేల్ నిటారుగా కూర్చున్నాడు. "అదే కదండి! ఆరుసార్లు కలిపి ఎంత? ఎనిమిదివందల నలభై అయిదు. ఒక్క వస్తువు మీద! మాంద్యం ఎక్కడుందండి?"

"ఒక్క గుమ్మడికాయను ఆరుసార్లు అమ్మితే ఆరు గుమ్మడికాయలైతయా?" సామ్యేలు బల్ల మీద చరిచాడు. "ఒక్క బుక్కెడు కూర ఎవరన్న తిన్నరా? చేతులు మారింది తప్ప ఏం పెరిగింది?"

"డబ్బు వచ్చింది కదండి!"

"నా జేబుల నుంచి వచ్చింది! పౌరుషానికి పాడిన! ఇంటికి పోయి మా ఇంటామెకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు!"

"మాంద్యంలో ఉన్నవాడు పౌరుషానికి పాడతాడా అండి?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. అయ్యగారు పుస్తకం మూసి, నా వైపు ఒక్క క్షణం చూశారు. ఆయనకు అర్థమైందో లేదో ఈ రోజుకీ తెలియదు. "వచ్చే నెల చూద్దాం," అన్నారు.

నేను బయటికి వచ్చి బల్ల మీది గుమ్మడికాయను చంకన పెట్టుకుని వెనక గదికి పోయాను. ఆలోచిస్తే చేతులు రావని వెంటనే కత్తిపీట వాల్చాను. రెండు చెక్కలైంది. లోపల పసుప్పచ్చగా పండి ఉంది.

మరునాడు బెల్లం వేసి వండాను. పదకొండు మందీ తిన్నారు. బాలమణి కొడుకు మొహమంతా పూసుకున్నాడు. సాయంత్రం సామ్యేలు సైకిలు దిగి కిటికీలోంచి తొంగి చూశాడు.

"వదినా, నా గుమ్మడికాయేది? ఏడోసారి పాడేది ఉండె."

"అయిపోయింది సామ్యేలూ."

"అయిపోవుడేంది?"

ఖాళీ మూకుడు ఎత్తి చూపించాను. అతను దాన్ని చూశాడు, పిల్లల్ని చూశాడు. సైకిలెక్కి గంట మోగించుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి అయ్యగారి ఇంట్లో పాత పేపర్లు అడిగి తెచ్చుకుంటున్నాను. మూతపడిన ఫ్యాక్టరీల వార్త దొరికితే కత్తిరించి సామ్యేలు బైబిల్లో పెడతాను. కొత్త ఆఫీసుల వార్త దొరికితే నతానియేల్‌కు ఇస్తాను. "మీరు చదువుతున్నారా ఆంటీ ఇవన్నీ!" అని అతను మురిసిపోతాడు.

కమిటీ ఎల్లుండే. మాదాపూర్‌లో పెద్ద గుండ్రటి మేడ తెరిచారని ఈ వారం పేపరు నిండా దీపాలు, పూలదండలు. అంతా నతానియేల్ వైపే. సామ్యేలు కూడా నిన్న ఆరాధనయ్యాక, "ఏమో వదినా, మంచి రోజులే వస్తున్నయేమో," అన్నాడు. ఇద్దరి మాటా ఒకటైతే ఆ రోజే రెండు సంతకాలూ పడతాయి.

తల్లుల్ని వెనక్కి తెచ్చే లారీ వచ్చే వేళైంది. ఒళ్లో బాలమణి కొడుకు పేపరు మూల నములుతున్నాడు. వాడి నోట్లోంచి మెల్లగా లాగి, తడిసిన పేజీని మోకాలి మీద సాపు చేసి, లోపలి పేజీల చిన్న అక్షరాల్లో వేలు పెట్టి వెతుకుతున్నాను. ఎక్కడో ఒక షెడ్డు మూసి ఉంటారు. ఒక్కటి దొరికితే చాలు.