తవిటినాయుడి బూట్లు, వరహాలమ్మ కొండ

నేను ఒక జత బూట్లను. జత అన్నాను గానీ రెండు బూట్లు అనలేదు. కుడి వేరు, ఎడమ వేరు అని మమ్మల్ని విడదీసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. నన్ను చివరికి ఎక్కడ వదిలేశారో విన్నాక మీరు జాలిపడబోతారు కనుక ముందే చెబుతున్నాను, ఆ జాలి నాకు అక్కర్లేదు.

నేను పుట్టింది తమిళనాడులో ఒక ఫ్యాక్టరీలో. నడక కోసమే పుట్టాను. మందపాటి అడుగు, గట్టి కుట్టు, మడమ కింద మెత్తటి దిండు. ఇన్ని హంగులతో విజయనగరం వచ్చి తవిటినాయుడి చేతిలో పడ్డాను. చక్కెర జబ్బుకి నడవమని డాక్టరు చెప్పాడని నన్ను కొన్నాడాయన. వేసుకున్నది ఒక్కసారే, నన్ను ఆ డాక్టరుకి చూపించడానికి. వెళ్లింది కూడా ఆటోలోనే. ఆ తర్వాత డబ్బాలో పెట్టి బీరువా మీదికి ఎక్కించాడు. ఏళ్ల తరబడి అక్కడే పడి ఉన్నాను. నడవడానికి పుట్టినవాణ్ణి పడుకోబెడితే ఎలా ఉంటుందో మీకు తెలియదు.

ఆయన చెల్లెలు వరహాలమ్మ మేడ మీది గదిలో ఉండేది. భర్త పోయాక అన్నగారింటికి వచ్చింది. అన్న సంపాదన మీద పడలేదు, ఆర్టీసీలో కండక్టరు. సాలూరు బస్సులో జనాన్ని ఎక్కించి దింపుతూనే యాభై దాటేసింది. డిపో గోడకి ఏదో టైర్ల కంపెనీ క్యాలెండరు ఉండేది. దాని మీద నెత్తిన మంచు పోసుకున్న ఒంటి కొండ. అది జపాన్‌లో ఉందనీ, ఫుజి అంటారనీ, మామూలు మనుషులు కూడా ఎక్కుతారనీ ఎవరో చెప్పారు. ఆ చివరి మాటతో ఆమె మనసులో ఏదో కదిలింది.

ఆ రోజే ఇంట్లో చెప్పింది, రెండేళ్ల తర్వాత తాను జపాన్ వెళుతున్నానని. అన్న నవ్వాడు. వదిన రమణమ్మ, పులుసు గరిటె పట్టుకుని, రెండేళ్లకి ఎవరెక్కడ ఉంటామో అంది. డిపో మేనేజరు కూడా నవ్వేసి, అంత ముందుగా సెలవడిగిన మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడు. నాకు అర్థమైందేమిటంటే, రేపటి పని ఈ రోజు చెబితే మనుషులు అడ్డం పడతారు. రెండేళ్ల తర్వాతి పని చెబితే నవ్వి ఊరుకుంటారు. వరహాలమ్మకి ఈ సంగతి తెలుసు. పంతులుగారిని అడిగి ఆషాఢం ఎప్పుడొస్తుందో కనుక్కుని మరీ ఆ రోజులే ఎంచుకుంది. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు. చుట్టాలింట్లో ఏ పెళ్లి జరిగినా వడ్డన ఆమెదే కదా.

నన్ను బీరువా మీంచి దించింది ఆమే. కాస్త పెద్దగా ఉన్నానని రెండు జతల మేజోళ్లు తొడుక్కుంది. తవిటినాయుడు గుమ్మంలో నిలబడి చూశాడు.

"మగోళ్ల బూట్లేసుకుని కొండలెక్కి ఏటి సేస్తావే? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ అన్నయ్యా. బూట్లు మగోళ్లయీ కావు, ఆడోళ్లయీ కావు. నడిసినోళ్లయి."

ఇన్నేళ్లలో నా గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

అక్కడి నుంచి నా బతుకు మారింది. డ్యూటీ దిగి ఆటో ఎక్కకుండా ఇంటికి నడిచేది. ఆదివారం వస్తే రామతీర్థం దగ్గర కొండ. మొదట్లో సగం దాకా వెళ్లి మోకాళ్లు పట్టుకుని కూర్చునేది. పాస్‌పోర్టు వచ్చేసరికి పైదాకా ఎక్కింది. విశాఖలో ఫుజికి బయల్దేరే చిన్న బృందంలో పేరు రాయించుకునేసరికి ఆగకుండా ఎక్కసాగింది. రిటైరయ్యాక వెళ్లమన్న తోటి కండక్టర్లతో, అప్పటికి తనకంటే ముందు మోకాళ్లు రిటైరైపోతాయని చెప్పేది.

ప్రయాణం కొద్ది వారాల్లో ఉందనగా, వానకి తడిసిన బండ మీద నా కుడి అడుగు ఊడిపోయింది. ఆమె జారిపడింది. చీలమండ గుమ్మడి పిందెలా వాచింది. తప్పు నాదంటారేమో, ఒప్పుకోను. నడిచి అరిగినందుకు ఊడలేదు. అన్నేళ్లు బీరువా మీద ఊరికే పడి ఉన్నందుకు జిగురు చచ్చిపోయింది.

తవిటినాయుడు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నిజంగానే భయపడ్డాడు. తెలియని దేశంలో ఇలా పడితే ఎవరు చూస్తారన్నాడు. మానేస్తావా లేదా అని అడిగాడు.

"రెండేళ్ల కిందటే సెప్పినాను అన్నయ్యా," అంది ఆమె. "అప్పుడు నవ్వినారు గానీ ఒద్దనలేదు. ఇయాల నాను పర్మిషన్ అడగడం నేదు. కాలికి కాపడం ఎట్టమని వదిన్ని అడుగుతున్నాను, అంతే."

వంటింట్లోంచి రమణమ్మ ఇటుకరాయి వేడిచేసి గుడ్డలో చుట్టి తెచ్చింది. నన్ను చెత్తలో పడేస్తానన్న మొగుడి చేతిలోంచి లాక్కుని, బజారుకి తీసుకెళ్లి అడుగు చుట్టూ నైలాను దారంతో కుట్టించుకొచ్చింది కూడా ఆమే. కొత్త బూట్లు కాళ్లు కరుస్తాయి, అలవాటైనవే మేలంది.

ఆషాఢంలో ఆ బృందంతో పాటు ఆమే నేనూ విమానం ఎక్కాం. ఫుజి దూరం నుంచి అందగత్తె. దగ్గరికెళితే నల్లటి బొగ్గుపొడి, ఎర్రటి కంకర. అడుగు వేస్తే సగం అడుగు వెనక్కి లాగుతుంది. దారిలో ప్రతి మజిలీలో ఒక గుడిసె. అక్కడ ఇనుప ముద్రని నిప్పుల్లో కాల్చి, ఎక్కేవాళ్ల చేతికర్ర మీద వేస్తారు. మొదటి ముద్ర పడినప్పుడు వరహాలమ్మ ఆ కర్రని చాలాసేపు తడిమి చూసుకుంది.

"ఇన్నేళ్లూ అందరికీ నాను టిక్కెట్లు కొట్టినాను," అంది బృందంలో పక్కనున్న అమ్మాయితో. "నాకు ఎవులైనా కొట్టడం ఇదే మొదలు."

శిఖరానికి కాస్త కింద గుడిసెలో తలదాచుకున్నాం. తెల్లవారేసరికి గాలి మనిషిని లేపేసేలా వీస్తోంది. గుడిసె యజమాని చేతులు రెండూ అడ్డంగా పెట్టి, పైకి వెళ్లడానికి వీల్లేదన్నాడు. ఆ అమ్మాయి ఏడ్చేసింది. వరహాలమ్మ మాత్రం బయట బల్ల మీద కూర్చుని, కాళ్ల కింద పరుచుకున్న మబ్బుల్లోంచి సూర్యుడు రావడం చూసింది. బాధ లేదని చెప్పను. ఆమె కాలివేళ్లు నాలో ముడుచుకుని ఉండటం నాకు తెలుస్తూనే ఉంది. కానీ సూర్యుడు పూర్తిగా వచ్చేదాకా ఆమె కదల్లేదు.

దిగేటప్పుడు కంకర నా కుట్లు కోసేసింది. తువ్వాలు చింపి కట్టుకుని ఆమె కిందికి చేరింది. బసలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసింది. నేను పక్కనే నోరు తెరుచుకుని పడి ఉన్నాను. తవిటినాయుడు మొహం కనిపించింది.

"పైదాకా ఎక్కినావా?"

"నేదు. గాలి తిరగబడితే దింపేసినారు."

"అయితే రెండేళ్లు పడ్డ పాట్లు ఒట్టివేనా?"

"కొండ ఎక్కడికీ పోదు అన్నయ్యా. మళ్లీ వస్తాను. వచ్చే ఏడు కాదు, ఆపై ఏడు. ఇప్పుడే సెప్తున్నాను. అప్పుడు ఎవులూ మాకు తెలీదనకండి."

ఈసారి ఆయన నవ్వలేదు. ఆయన భుజం మీంచి రమణమ్మ మొహం ముందుకొచ్చింది.

"వరాలూ, నా కాళ్లు సిన్నవి. నాకు సరిపోయే బూట్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో."

తవిటినాయుడు తల తిప్పి పెళ్లాన్ని చూశాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు.

మర్నాడు వరహాలమ్మ నన్ను ఒకసారి తుడిచి, బస వెనక ఉన్న పాత బూట్ల గుట్ట మీద పెట్టి, చెప్పులతో బస్సెక్కింది. చెత్త బండి వచ్చి మమ్మల్ని తీసుకుపోతుందట. తీసుకుపోనీ. నా కింద ఏవేవో దేశాల బూట్లున్నాయి. మడమ అరిగినవాళ్లు, ముక్కు పగిలినవాళ్లు, తాడు తెగినవాళ్లు. ఒకరి భాష ఒకరికి రాదు. కానీ ఈ గుట్టలో బీరువా మీద పడుకుని చచ్చినవాడు ఒక్కడూ లేడు.