పచ్చబట్ట పిండిన నూనె

రామచంద్రం నందికొండకు బయలుదేరిన నాడు చేతిలో ఉన్నవి నలభై ఆరు రూపాయలు. ముప్పై నూలుకు, ఆరు మగ్గం కర్రల బండి కిరాయికి, మిగిలిన పది ఇద్దరి తిండికి. ఇరవై ఏళ్ల ఆ పిల్లగానికి లెక్క కట్టనిదే ముద్ద దిగేది కాదు.

ఇంటి దగ్గర పని మాత్రం ఏ లెక్కా లేకుండానే ఏళ్ల తరబడి నడిచింది. పొద్దున్నే అవ్వ నర్సింగమ్మ పచ్చబట్టను బావినీళ్లలో తడిపి ఇంటిముందు దడి మీద పరిచేది. బట్ట పొద్దంతా ఎండ తాగేది. ఎండ దిగినంక అవ్వ ఒక కొస, అక్క లక్ష్మీనర్సమ్మ ఒక కొస పట్టుకుని మెలిపెట్టి పిండితే, కింద పెట్టిన గిన్నెలోకి సన్నటి ధారగా నూనె దిగేది. దానితో దీపం పెడితే పొగ రాదు, మసి పట్టదు. వాడకట్టు వాళ్లు బుడ్లు తెచ్చి పోసుకుపోయేవారు. పచ్చి చింతాకు వాసన వస్తుందని పక్కింటి గోవిందమ్మ ఒక్కతే సణిగేది.

మిగతా సాలెల ఇళ్లలో అదే నూలుకు అదే నీలిరంగు, అదే మోదుగుపూల పసుపు పట్టించి నేసినా అది ఉత్త పచ్చబట్టే అయ్యేది. తేడా అంతా మగ్గం మీది కొసల్లో ఉంది. నేసిన బట్టను కోసేటప్పుడు సాలెవాళ్లు పడుగు పోగుల్ని మొదలంటా కోసెయ్యరు. జానెడు మగ్గం మీదే వదిలి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ కొసలకు మెలేసి అతుకుతారు. నర్సింగమ్మ మగ్గం మీద ఆ అతుకు ఆమె అత్తకు అత్త నాటి నుంచి తెగలేదు. పాత పోగే కొత్త పోగుకు పని నేర్పుతుందని అవ్వ అనేది. ఇంటి పిల్లనైనా ఇచ్చి పంపుతాం గానీ కొసలు గడప దాటొద్దని కూడా అనేది. అవ్వ పోయినంక, ఇంటి మనుషుల చేతుల్లోనే గదా అని, రామచంద్రం ఆ కొసల్ని తడిగుడ్డలో చుట్టుకుని నందికొండ తెచ్చాడు.

వెంట వచ్చింది బావ సిద్దయ్య. అక్క మొగుడే గానీ, నాయిన పోయినంక ఏడేళ్ల పిల్లగాణ్ని మగ్గం గుంటలో పక్కన కూర్చోబెట్టుకుని సాకినవాడు. పోగు తెగితే ఎట్లా అతకాలో, కడుపు మాడితే ఎట్లా ఊరుకోవాలో రెండూ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

నందికొండలో కృష్ణకు ఆనకట్ట లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు నాలుగు వందల గుడిసెలు వేసుకున్నారు. కిరసనాయిలు దొరకదు, తుమ్మకంపతో వంట, పొగకు పిల్లలు రాత్రంతా దగ్గుతారు. ఆ గుడిసెల నడుమ మగ్గం దించి, ఆరు గజాల బట్ట నేసి, నలభై గుడిసెల సందు మీద పందిరిలా కట్టారు. మొదటి సాయంత్రం పిండి కొలిచిన రామచంద్రం మళ్లీ కొలిచాడు. ఇంటి దగ్గర అంత బట్టకు రెండు గిద్దెలు దిగేది. ఇక్కడ తవ్వెడు దిగింది. అంటే నాలుగింతలు.

వారం పాటు బట్టను తీసి ఒకనాడు గుట్ట మీద, ఒకనాడు సున్నపు బట్టి పక్కన, ఒకనాడు సందులో కట్టి చూశాడు. ఎండ అంతటా ఒకటే, నీళ్లు ఒకటే. గుట్ట మీద గిద్దెడు కూడా రాలేదు. ఏడో తరగతిలో చదివిన ఆకు పాఠం అప్పుడు గుర్తొచ్చింది. మనిషి విడిచిన గాలిని ఆకు తింటుంది, ఈ బట్టా అంతే. మనుషులు ఎంత దగ్గర మసిలితే నూనె అంత.

ఈ సంగతి మొదట విన్నది ఉప్పలమ్మ. కొత్తకోట దిక్కు మనిషి, తట్టలో రాళ్లు మోస్తుంది, ఆ సందులో పెద్దనోరు ఆమెదే.

“అంటే మేము ఇడిచిన గాలి మాకే అమ్ముతున్నవన్నట్టు, సావుకారీ.”

“ఎండగ్గూడ నేను కిరాయి కట్టలే అక్కా,” అన్నాడు రామచంద్రం.

గుడిసెకు రోజూ పిడికెడు జొన్నలు. అంతకంటె అడగలేదు. నూరు గజాలు నేస్తే నాలుగు వందల గుడిసెలకు వెలుతురు, పొగలేని పొయ్యి. వచ్చే ఎండాకాలానికి పది మగ్గాలు. గుడిసె గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. సిద్దయ్య ఆ రాతల్ని దగ్గరికి జరిగి, కళ్లు చిట్లించి చూసేవాడు.

కాంట్రాక్టరు గుమాస్తా రఘుపతి ఒకనాడు సందులోకి వచ్చాడు. దీపాలు చూశాడు, నూనె వాసన చూశాడు, కొసలు ఇచ్చేస్తే ఏం కావాలన్నాడు. కొసలు ఇల్లు దాటవని రామచంద్రం మర్యాదగానే చెప్పాడు. అంతసేపూ సిద్దయ్య మగ్గం గుంటలో తల వంచుకుని, నేయకుండా కూర్చున్నాడు.

తర్వాతి వారం రామచంద్రం నూలుకు హాలియా అంగడికి పోయాడు. నూలు కొని, అక్కడే రంగు వేయించి, మూట నెత్తిన పెట్టుకుని మూడో నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. సందు మీద పందిరి లేదు. క్యాంపు జాగాలో ఏది కట్టినా కాంట్రాక్టరుదేనని రఘుపతి మనుషులు బట్ట విప్పుకుపోయారట. అది విని కూడా అతను పెద్దగా కంగారు పడలేదు. బట్ట పోతే మళ్లీ నేసుకోవచ్చు. గుడిసెలోకి పోయి చూశాడు. మగ్గం కర్రలు ఉన్నాయి. కొసలు లేవు. లాగి తెంపినట్టు లేదు. ఎవరో ఓపిగ్గా, ఒక్క పోగు చెదరకుండా, జొన్నగంజి రాసి చుట్టుకుపోయారు. అంత నేర్పుగా తీసే చేతులు నందికొండలో రెండే ఉన్నాయి. ఆ చేతుల్ని అతను ఏడేళ్ల వయసు నుంచి ఎరుగును.

సిద్దయ్య కాంట్రాక్టరు స్టోరు గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఒక గుండీ తప్పు పెట్టుకున్నాడు.

“కొసలేవి బావా?”

“నన్ను వాచ్‌మన్‌గ తీస్కున్నరు. పర్మినెంటు.”

“నేనడిగింది కొసలు.”

సిద్దయ్య గేటు గొళ్లెం వైపు చూశాడు. “నీకు లెక్కలొస్తయిరా. ఏడ పడేసినా బతుకుతవు. నాకేమొస్తయి? కండ్లు పోతున్నయి. ఇంకో రెండేండ్లకు పోగు కనవడదు. అప్పుడు మీ అక్కను ఏం పెట్టి సాకాలె?”

“ఆ ముక్క నాకు చెప్పకపోతివి.”

“చెప్తే నువ్వు లెక్క చెప్తవు.”

రామచంద్రం అక్కణ్నుంచే వెనక్కు తిరిగాడు. ఆ రోజు నుంచి లెక్క కట్టడం మానేశాడు. గోడ మీది బొగ్గు రాతలు తడిగుడ్డతో తుడిచేశాడు. ఊరికి పోయి అక్క ముఖం చూడలేక, ఉప్పలమ్మ గుంపుతో పాటు రాళ్లు మోశాడు. ఎన్ని తట్టలు మోశాడని మేస్త్రి అడిగితే నువ్వే రాసుకో అన్నాడు. అన్నం తినేటప్పుడు మాత్రం బావ మొదటి ముద్ద తన నోట్లో పెట్టిన రోజులు గుర్తొచ్చి, కంచం పక్కకు జరిపేవాడు.

పదో నాడు పని నుంచి వచ్చి చూస్తే ఉప్పలమ్మ తన చంటిపిల్ల జోలెను విప్పి పిండుతోంది. వేళ్ల సందుల్లోంచి నాలుగు చుక్కలు బుడ్డిలోకి రాలాయి. తొలి రోజుల్లో అంచు తప్పిందని రామచంద్రమే పక్కన పడేసిన గజం ముక్క అది. రఘుపతి మనుషులు పందిరి విప్పిన నాడు పిల్ల అందులో నిద్రపోతోంది, ఎవరూ ముట్టలేదు.

“పిల్ల ఊపిరికి ఒక్క దీపం అందుతాంది తమ్మీ,” అంది.

అతను జోలె అంచు పట్టుకుని చాలాసేపు చూశాడు. అడ్డంగా నేసిన పేకను జానెడు మేర వెనక్కు విప్పితే పడుగు పోగులు బయటపడతాయి. అవి ఆ కొసలకు పుట్టిన పోగులే. ఉప్పలమ్మే పిల్లను చంకనేసుకుని జోలెను అతని భుజం మీద వేసింది. పిల్లకు చీరచెంగు చాలునంది.

మరునాడు పనికి పోకుండా పేక విప్పి, పోగుల్ని మగ్గానికి ఎక్కించి, హాలియా నూలును వాటి ఎదుట పడుగుగా సాగదీశాడు. పదహారు వందల పోగులు. చేయి తిరిగిన ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే ఒక పూట పని. ఆ లెక్క దానంతటదే మనసులోకి వచ్చింది.

అప్పుడే గడపలో నీడ పడింది. సిద్దయ్య. ఖాకీ చొక్కా లేదు.

కాంట్రాక్టరు బట్టను దొంగల భయానికి గుట్ట మీదికి ఎక్కించి, చుట్టూ ముళ్లకంచె వేసి, గేటుకు ఒక్క మనిషిని పెట్టాడట. ఎంత పిండినా చెంచాడు దిగడం లేదట. సాలెవాడే ఏదో చేశాడని సిద్దయ్యను తిడుతున్నారట. నిన్న చొక్కా విప్పించుకున్నారు. నూనె వచ్చే ఉపాయం చెబితే మళ్లీ తీసుకుంటామన్నారు.

“మీ అక్క మొఖం చూసి చెప్పురా. ఏం తక్కువైంది దానికి?”

దాచిపెట్టడం రామచంద్రానికి చేతకాలేదు. “మనుషులు తక్కువైండ్రు బావా. కంచె తీసేసి, గుడిసెల నడుమ కట్టుమను. నూనె కారుతది.”

“కంచె తీసే మనిషేనా ఆయన,” అని సిద్దయ్య తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మగ్గానికి అవతలి పక్కన, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. అడక్కుండానే పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి వేళ్లకు రాసుకున్నాడు. పోగు అతికేటప్పుడు జారకుండా అలా రాసుకుంటారు.

రామచంద్రం ఆ వేళ్లను చూశాడు. వాటి కంటే నేర్పైనవి ఈ చుట్టుపక్కల లేవు.

“జరుగు బావా. అక్కడ ఉప్పలమ్మక్క కూసుంటది.”

“రాళ్లు మోసేదానికి అతుకు వొస్తదా?”

“నేర్పుతా.”

“మూడు దినాలైనా కాదు.”

“నాలుగు,” అన్నాడు రామచంద్రం.

సిద్దయ్య లేచాడు. గడప దగ్గర చెప్పులు వెతుక్కోవడానికి కాలితో తడిమాడు. నిజంగానే కళ్లు ఆనడం లేదు. రామచంద్రం లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. అడుగుల చప్పుడు సందు దాటేదాకా తల ఎత్తలేదు.

పనిగంట కొట్టినంక ఉప్పలమ్మ వచ్చింది. రాతిదుమ్ము పట్టిన చేతులు చీరకు తుడుచుకుని ఎదురుగా చతికిలబడింది. ఇంత సన్నటి దారాలు జన్మలో పట్టలేదంది. అతను ఆమె ఎడమచేతిలో పాత పోగు, కుడిచేతిలో కొత్త పోగు పెట్టి, బొటనవేలు ఎటు తిప్పాలో చూపడానికి చెయ్యి చాచాడు.