బంతి సైరస్ మాటే వింటుంది

బేస్‌బాల్ ఆట ఉన్న రోజున అల్మీడా పొద్దున్నే కసాయి కొట్టుకి వెళ్ళి అరచెయ్యంత గొడ్డుమాంసం ముక్క తెచ్చేది. వండడానికి కాదు. మొగుడు సైరస్ పెట్టిఫోర్డ్ వేళ్ళకి గుడ్డ పేలికలు బిగించి కట్టి, ఆ ముక్కని అతని పల్చటి తోలు తొడుగులో అరచేతి దగ్గర సర్దేది. ఆ రోజుల్లో బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాళ్ళకి అంతకుమించి రక్షణ లేదు. సాయంత్రానికి ఆ ముక్క చితికి మెత్తబడి ఇంటికొచ్చేది.

"కూర వండుకోరాదూ? దంచే పని తప్పింది," అనేది పక్కింటి మిసెస్ బాస్.

"క్రౌడర్ బంతుల దెబ్బలు తిన్న మాంసం నాకొద్దమ్మా. కుక్కకి వేస్తే అదీ మూతి తిప్పుకుంది," అనేది అల్మీడా.

ఒహాయోలోని మా కెల్లర్‌విల్ జట్టులో సైరస్ ఒక్కడే నల్లవాడు. జట్టులోనే ఏమిటి, ఆ లీగు మొత్తంలో జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడిన మొదటి నల్లవాడు అతనే. బంతి ఎలా రావాలో పట్టేవాడు వేళ్ళతో సైగ చెయ్యడం, విసిరేవాడు అది చూసుకుని విసరడం ఆటలో పద్ధతి. ఒక వేలైతే నేరుగా, రెండైతే మెలిక. కానీ మా జట్టులో బంతి విసిరే వెర్న్ క్రౌడర్, నల్లవాడు చెబితే నేను వినడమేమిటని, సైగ వైపే చూసేవాడు కాదు. ఏ బంతి ఎటు వస్తుందో తెలియక మొదటి నెలలోనే సైరస్ వేళ్ళు రెండు విరిగాయి. కట్టు కట్టుకుని మర్నాడే ఆడాడు. చూసేవాడు లేకపోయినా ప్రతి బంతికీ సైగ చేస్తూనే ఉన్నాడు. అంత మొండివాడు.

మే నెలలో బంతే వినడం మొదలుపెట్టింది.

క్రౌడర్ నేరుగా విసిరినా, సైరస్ రెండు వేళ్ళు చూపించి ఉంటే అది దారిలోనే మెలిక తిరిగేది. కిందికి రమ్మంటే కిందికే వచ్చేది. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. అన్నిసార్లు చెబితే బంతి మాత్రం ఎన్నాళ్ళని వినకుండా ఉంటుంది? ఊరి పత్రిక మాత్రం "ఈ ఏడు క్రౌడర్ మెలికలు అమోఘం" అని రాసింది. క్రౌడర్ ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. సిగ్గూ శరమూ లేని మనిషి.

సెప్టెంబరులో ఆఖరి ఆట వచ్చింది. గెలిస్తే, ఆ ఏటి విజేతకిచ్చే లీగు జెండా మాది. ఆ పొద్దున జట్టు యజమాని ఓగిల్వీ సైరస్‌ని గేటు దగ్గర ఆపాడు.

"చూడు సైరస్, యజమానులమంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. వచ్చే ఏడు నుంచి నల్లవాళ్ళతో ఒప్పందాలు ఉండవు. నాదేం లేదు, మిగతావాళ్ళ పట్టుదల."

"మరి మీరు చెయ్యెత్తారా, లేదా?"

ఓగిల్వీ టోపీ సర్దుకున్నాడు. "ఇవాళ మాత్రం బాగా ఆడు. జెండా మనదే కావాలి."

ఆ "మన" అప్పుడే ఎక్కణ్ణుంచి ఊడిపడిందో!

మైదానం చివర నల్లవాళ్ళని కూర్చోబెట్టే బల్లలుండేవి. సైరస్ అక్కడికి వెళ్ళి అల్మీడాకి సంగతి చెప్పాడు. ఆట దూరమైతే ఆ మనిషి సగం చచ్చినట్టేనని ఆమెకి తెలుసు. అతని వేళ్ళ కట్టు ఇంకోసారి బిగించింది.

"ఆడు. కానీ ఈ వేళ్ళు ఓగిల్వీవి కావు," అంది.

ఆట చివరికొచ్చేసరికి మా జట్టు ఒక్క పరుగు ముందుంది. అవతలివాళ్ళలో ఒక్కడు ఔటైతే చాలు. ఆ ఒక్కడూ ఇంకొక్క బంతి తప్పితే ఔటే. సైరస్ అతని వెనక గొంతుక్కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఏ వేలూ చూపించలేదు.

క్రౌడర్ ఎప్పట్లాగే చూడకుండా విసిరాడు. బంతి సగం దూరం వచ్చి, ఛాతీ ఎత్తున గాలిలో ఆగిపోయింది.

"బంతి ఇంకా రాలేదు. వచ్చేదాకా ఎవరూ కదలొద్దు," అన్నాడు అంపైర్.

ఓగిల్వీ రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "సైగ చెయ్యవయ్యా!"

"అడిగితే చేస్తానండీ. ఏప్రిల్ నుంచి ఒక్కడూ అడగలేదు."

"వీణ్ణి నేనడగాలా? ఛస్తే అడగను!" అని క్రౌడర్ చేతులు కట్టుకున్నాడు.

ఇరవై నిమిషాలు గడిచాయి. చీకటి పడితే ఆట రద్దని అంపైర్ గడియారం తీశాడు. "అడగరా బాబూ, నీ రోషం తగలెయ్య! జెండా పోతోంది!" అని సొంత జట్టువాళ్ళే అరిచారు. చివరికి క్రౌడర్ బంతి దాకా నడిచొచ్చి నేల చూస్తూ గొణిగాడు.

"ఏం... ఏం వెయ్యమంటావు?"

"చివరి బల్లలవాళ్ళకి వినపడలేదు."

"ఏం వెయ్యమంటావు, పెట్టిఫోర్డ్?"

బల్లల మీంచి లేచిన కేకకి చెట్ల మీది పిట్టలు ఎగిరిపోయాయి. సైరస్ మాత్రం చేతులు కదపలేదు.

"నా పని ఇవాళ్టితో సరి అన్నారు యజమానిగారు. పోయేవాణ్ణి, నాకెందుకు ఈ సైగలు?"

"మిగతావాళ్ళు ఒప్పుకోరయ్యా," అన్నాడు ఓగిల్వీ.

"మంచిది. నాకు తొందరేం లేదు."

ఓగిల్వీ పొద్దు వైపు చూశాడు, బంతి వైపు చూశాడు, జేబులోంచి పెన్సిల్ తీశాడు. రాసిచ్చిన కాగితాన్ని సైరస్ తొడుగు విప్పి అక్షరం వదలకుండా చదివాడు.

"ఇక్కడ 'అవసరమైనంత కాలం' అని ఉంది, కొట్టెయ్యండి. వచ్చే ఏడు మొత్తం అని రాయండి. జీతం క్రౌడర్‌తో సమానంగా."

"వెనకవైపు కూడా చూడు, సైరస్!" అని అల్మీడా కేక. జనం ఘొల్లున నవ్వారు.

అంపైర్ సాక్షి సంతకం పెట్టాడు. అల్మీడా బల్ల దిగి, నల్లవాళ్ళు దాటకూడని గీత దాటి, పచ్చిక మీదుగా తాపీగా నడిచొచ్చి కాగితం తీసుకుని మడిచి రవికెలో దోపుకుంది. ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అప్పుడు సైరస్ కూర్చుని రెండు వేళ్ళు చూపించాడు. బంతి కదిలి, మెలిక తిరిగి, గాలిని కొట్టిన బ్యాటు కిందుగా వచ్చి అతని చేతిలో పడింది.

చలికాలమంతా మిగతా యజమానులు మండిపడుతూ ఉత్తరాలు రాశారు. ఓగిల్వీ అందరికీ ఒకటే జవాబు పంపాడు: "అంత అభ్యంతరమైతే మీరే వచ్చి బంతికి నచ్చచెప్పుకోండి." ఎవరూ రాలేదు. తమ మైదానంలోనూ బంతి అలాగే ఆగితే ఏం గతని వాళ్ళకి భయం పట్టుకుంది.

ఏప్రిల్‌లో మొదటి ఆటకి అవతలి జట్టు నుంచి బ్యాటు పట్టుకుని నడిచొచ్చినవాడు టొలీడో నుంచి వచ్చిన నల్లవాడు. సైరస్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"రావయ్యా రా, చాలా ఆలస్యం చేశావు," అన్నాడు.

అని, అతన్ని ఔట్ చెయ్యడానికి రెండు వేళ్ళు చూపించాడు. క్రౌడర్ కళ్ళు చికిలించి చూసి, తలూపి, అప్పుడు విసిరాడు.