సంత రోజు కౌన్సెలింగ్

ఊరి పేరు చెప్పను. చెబితే హెడ్మాస్టరు వరహాలరావు గారు ఫోన్ చేసి మరీ తగువు పెట్టుకుంటారు, ఆయనతో తగువుపడే ఓపిక నాకిప్పుడు లేదు. ముంచింగిపుట్టు దాటి ఒడిశా వైపు ఇంకో పన్నెండు కిలోమీటర్లు కొండెక్కితే ఒక ఆశ్రమ పాఠశాల వస్తుంది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, నూటపది మంది పిల్లలు, అందరూ అక్కడే తిని అక్కడే పడుకుంటారు. ఆ పిల్లలకి కౌన్సెలింగ్ చెయ్యడానికి వారానికోసారి పాడేరు నుంచి వెళ్లే మేడంని నేనే. పేరు జయశ్రీ, సొంతూరు సాలూరు.

"ఏ రోజు వెళ్తావో నువ్వే చూసుకో" అన్నారు ఆఫీసులో. గురువారం అన్నాను. కారణం గొప్పదేం కాదు. ఆ ఊళ్లో గురువారం సంత. సంత రోజు తప్ప ఆ రోడ్డు మీద జీపు తిరగదు. మిగతా రోజుల్లో వెళ్లాలంటే ముంచింగిపుట్టులో బస్సు దిగి పన్నెండు కిలోమీటర్లూ నడవాలి. నాకేమైనా పిచ్చా?

మొదటి వారమే సోనిని నాకు అప్పగించారు. ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నూనె రాసి బిగించిన రెండు జడలు, ఒక జడకి రిబ్బను లేదు.

"మిగతా రోజులు బాగానే ఉంటాదండీ" అన్నారు వరహాలరావు గారు. "గురువారం వచ్చిందంటే చాలు, క్లాసులో కూర్చోదు. ఆ ప్రహరీగోడ దగ్గర రోడ్డుకేసి చూస్తూ నిలబడిపోద్ది. కొట్టడానికి లేదు, తిట్టడానికి లేదు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

"సంతకి వాళ్లమ్మా నాన్నా ఎవరైనా వస్తారేమో కదండీ?" అని అడిగాను. నేను అడగలేదని మాత్రం ఎవరూ అనకూడదు.

"అమ్మానాన్నలు రావడం నెలకోసారి, రెండో ఆదివారం. రూలు అది. నా స్కూల్లో రూలు తప్పడం ఉండదు మేడం."

ఆయన గదికి రోడ్డు వైపు కిటికీ లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

సోనిని అడిగాను. మీ అమ్మ వస్తుందా అన్నాను, ఎవరి కోసం చూస్తున్నావు అన్నాను. వాళ్లు ఇళ్లలో మాట్లాడే ఆదివాసీ ఒడియా నాకు రాదు. నా తెలుగు ఆ పిల్లకి పుస్తకాల్లో ఉన్నంత వరకే వచ్చు. తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చుంది. ఇంటి మీద బెంగ, ఇంకేముంది, అనుకున్నాను. బెంగ ముదిరే వేళకి పిల్లని ఇంకో పనిలో పెట్టాలని మాకు ట్రైనింగులో చెప్పారు, అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. అందుకని సోనికి పదకొండు నుంచి పన్నెండు దాకా టైము కేటాయించాను. ఆ గంటలోనే గోడ దగ్గర ఎక్కువ నిలబడుతుందని పిల్లలు చెప్పారు మరి.

రంగులిచ్చాను, బంకమట్టి ఇచ్చాను, బొమ్మల పుస్తకాలు ఇచ్చాను. మట్టిని చేత్తో నొక్కుతూనే కిటికీలోంచి రోడ్డుకేసి చూసేది. రెండో వారం ఇక లాభం లేదని లేచి కిటికీ మూసి గడియ పెట్టాను. చూపు అటూ ఇటూ పోకుండా ఉంటే మనసు కుదురుతుందని. ఆ గడియ పెట్టిన చెయ్యి ఇదే.

మూడో వారానికి సోని గింజుకోవడం మానేసింది. పిలిస్తే వచ్చేది, కూర్చోమంటే కూర్చునేది, పన్నెండు కొట్టగానే లేచి వెళ్లిపోయేది. వరహాలరావు గారు తెగ సంబరపడ్డారు. గోడ దగ్గరకి పోవడం మానేసిందట, గురువారాలు క్లాసులో కుదురుగా ఉంటోందట. ఆ మాటే నేను రిపోర్టులో రాశాను. ఆ గురువారాల్లో మధ్యాహ్నం అన్నం తినడం లేదని వంటావిడ చెబితే అదీ రాశాను, కానీ కింద, చిన్న అక్షరాలతో. ఆరో వారానికి స్నేహితురాళ్లతో మాట్లాడడం కూడా తగ్గిందని తెలిసింది. ఇంకొన్ని వారాలు పడుతుంది, మనసు వ్యవహారం కదా, అని అందరికీ చెప్పాను. నాకు నేనూ చెప్పుకున్నాను.

జీపు సంగతి ఇక్కడ చెప్పాలి. వెనకాల రెండు బల్లల మీద పన్నెండు మందిమి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటాం. కాళ్ల కింద కోళ్లు, ఒళ్లో అల్లం బస్తాలు. సగం దారిలో ఒక మలుపు దగ్గర ఒకావిడ ఎక్కేది. ముప్పై ఏళ్లుంటాయేమో. ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతిలో అడ్డాకులో కట్టిన చిన్న పొట్లం. ఎప్పుడూ నా పక్కనే ఇరుక్కుని కూర్చునేది. మాట్లాడేది కాదు. నా చేతి సంచీకేసి చూసేది, నా మొహంలోకి చూసేది, నేను చూస్తే తల తిప్పేసుకునేది. తిరుగు ప్రయాణంలోనూ పక్కనే. పొట్లం అలాగే ఉండేది.

అమ్ముడుపోలేదు పాపం అనుకున్నాను. ఒకసారి జాలిపడి, కాల్చిన మొక్కజొన్న వాసన కూడా వస్తోంది కదా అని, "ఎంతమ్మా?" అని చెయ్యి చాపాను. గబుక్కున పొట్లం ఒళ్లోకి లాక్కుంది. నాకు ఒళ్లు మండింది. అమ్మనిదానివి సంతకెందుకు మోసుకొస్తున్నావు తల్లీ, అని మనసులో అనుకుని కిటికీ వైపు తిరిగాను. ఆ రోజు మలుపు దగ్గర దిగే ముందు, ఆ పొట్లం విప్పి ఎదురు బల్ల మీది చిన్నపిల్ల చేతిలో పెట్టింది. పిల్ల కొరుకుతుంటే జీపు కదిలే దాకా నిలబడి చూసింది.

ఎనిమిదో గురువారం వానకి రోడ్డు మీద మట్టి జారి జీపు గంటన్నర ఆగిపోయింది. సంతలో దిగేసరికి పదకొండు దాటింది. స్కూలుకి అరకిలోమీటరు నడక. నాకంటే ముందే ఆవిడ దిగి పొట్లం పట్టుకుని నా దారినే పోతోంది. స్కూలు గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నేను వస్తున్నానని చూసి, ఒక్క పరుగున రోడ్డు అవతలి పనసచెట్టు వెనక్కి వెళ్లిపోయింది. పట్టుబడ్డ దొంగలా నక్కింది. చీర కొంగు మాత్రం బయటికి కనబడుతూనే ఉంది.

"ఎవరామె?" అన్నాను వాచ్‌మేన్ సుక్రుతో.

సుక్రు గేటు చువ్వ పట్టుకుని నీళ్లు నమిలాడు. "హెడ్మాస్టరు గారికి సెప్పకండి మేడమ్మా. నా ఉద్యోగం పోతాది."

"చెప్పను. ఎవరు?"

"సోని వాళ్లమ్మండి. గంగ. ఆదోరం జీపు నేదు, ఎలాగొస్తాది? అందుకే సంతనాడు వచ్చీది. గోడకి ఆ పక్కన తల్లి, ఈ పక్కన సోని గుంట. ఓ గంట కూకునీవోరు. నేనే సూసీ సూడనట్టు ఒగ్గేసీవోడిని."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేటండీ. మీరు గుంటని లోపలెట్టుకున్నారు కదా. కౌన్సిలింగంటే ఏటని అడిగినాది. మనసుకి మందు, మేడం మందేత్తంది, మద్దిలో ఎల్లకూడదు అన్నాను. హెడ్మాస్టరు గారూ అదే సెప్పారు కదా, మేడం గదిలో ఉన్నప్పుడు ఎవుల్నీ రానీకని. అప్పట్నుంచీ ఆ సెట్టెనకాలే ఉంటంది. మీరెల్లీదాకా ఉండి పోతాది."

"సోనికి చెప్పావా, మీ అమ్మ వచ్చిందని?"

"సెప్పకూడదంట. మందు సెడిపోతాదంట."

ఏడు వారాలు. ఏడు వారాలు నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది ఆ తల్లి. నా పిల్ల ఎలా ఉందమ్మా అని ఒక్క మాట అడగలేదు. నాకు నా మీద ఎంత అసహ్యం వేసిందంటే, ఆ గేటు చువ్వకే తల కొట్టుకోవాలనిపించింది.

రోడ్డు దాటి వెళ్లాను. నన్ను చూసి వెనక్కి జరిగింది. "రా, గంగా. సోని దగ్గరకి రా" అని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి విడిపించుకుని వేగంగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది, సుక్రు వెనకాలే వచ్చి తెలుగు చేశాడు.

సోని కంటే ముందు ఒక కొడుకు ఉండేవాడట. జ్వరమొస్తే దిసారిని, అంటే వాళ్ల ఊళ్లో పూజ కట్టి జబ్బు నయం చేసే పెద్దని, పిలిచారట. మూడు రోజులు పిల్లాడు తల్లి కంటపడకూడదు అన్నాడట ఆయన. రెండో రోజు గంగ ఆగలేక తలుపు సందులోంచి చూసేసిందట. ఆ రాత్రే పిల్లాడు పోయాడు.

"అప్పుడు ఆగనేకపోనాదంటండి" అన్నాడు సుక్రు, నేలకేసి చూస్తూ. "ఈ పాలి ఆగినాను, అంటంది. ఎన్నాల్లయినా ఆగతాను, గుంటకి నయమవనీండి, అంటంది."

మంత్రాలూ చూపులూ నిజం కాదని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. అవన్నీ అబద్ధమంటే ఆ పిల్లాడు ఊరికే పోయాడని చెప్పినట్టే, ఈ ఏడు వారాలూ ఊరికే పోయాయని చెప్పినట్టే. జీవితంలో మొదటిసారి దిసారి అవతారం ఎత్తాను. "మందు అయిపోయిందని చెప్పు సుక్రూ. ఈ రోజుతో అయిపోయింది. ఇక తల్లి చూడకపోతేనే ప్రమాదం అని చెప్పు."

గంగ నా మొహంలోకి చూసింది. ఈసారి తల తిప్పుకోలేదు. "నయమైపోనాదా?" అంది, తనే తెలుగులో.

"రా" అన్నాను.

సోని గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. నేను రావడం ఆలస్యమైనా, ఎవరూ చెప్పకపోయినా, పదకొండుకే వచ్చి తన చోట్లో కూర్చుంది. ఎదురుగా మూసిన కిటికీ. లేవమని చెప్పి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. గేటు లోపల గంగ నిలబడి ఉంది.

సోని పరిగెత్తుతుంది అనుకున్నాను. పరిగెత్తలేదు. వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. తల్లి రెండడుగులు వేస్తే పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. గంగ అక్కడే నేల మీద కూలబడి పొట్లం విప్పి పక్కన పెట్టుకుంది, పిలవలేదు. చాలాసేపటికి సోని నెమ్మదిగా దగ్గరకి వెళ్లి, నిలబడే ఏదో అడిగింది.

"ఏ ఊరెల్లిపోనావు అంటంది" అన్నాడు సుక్రు గొంతు తగ్గించి.

గంగ రోడ్డు అవతలికి చెయ్యి చూపించింది. పనసచెట్టు. వేళ్లు ముడుస్తూ ఒక్కొక్క సంతా లెక్కపెట్టింది. సోని ఆ చెట్టుకేసి చూసింది. గోడకేసి చూసింది. గడియ పెట్టిన కిటికీకేసి చూసి, తర్వాత నావైపు చూసింది. అప్పుడు తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. అంత గొంతు ఆ పిల్లలో ఉందని నాకు తెలియదు. వరహాలరావు గారు గదిలోంచి బయటికొచ్చి, "ఏటండీ ఇది, ఈ రోజు రెండో ఆదివారం కాదే" అన్నారు. "లోపలికెళ్లండి సార్" అన్నాను. నా మొహం ఎలా ఉందో కానీ, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

గంగ మొక్కజొన్న గింజలు ఒలిచి ఒక్కొక్కటే పిల్ల నోట్లో పెట్టింది. సోని తింటూ తల్లి చెవి తమ్మెని రెండు వేళ్లతో పట్టుకుని వదల్లేదు. సంతలో జీపు హారన్ కొట్టాక గంగ లేచింది. ఆ వేళ్లు విడిపించడానికి చాలాసేపు పట్టింది.

గేటు దాకా వచ్చాను, ఆ జీపుకే నేనూ వెళ్లాలి. వెనకాల చిన్న అడుగుల చప్పుడు. సోని. ఎనిమిది వారాల్లో నాతో ఒక్క మాట మాట్లాడని పిల్ల నా సంచీ పట్టుకుని లాగింది. పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో మాటా కూడబలుక్కుని, పుస్తకాల తెలుగులో చెప్పింది. కోపం లేదు ఆ గొంతులో. బతిమాలుతోంది.

"మేడం, వచ్చే సంతకి మీరు రాకండి."

"రాను" అన్నాను.