అడుగు వరుస పెట్టె

“ఈసారైనా బాత్రూమ్ చూడకుండా వచ్చెయ్,” అన్నాడు మా ఆయన, తడి తువ్వాలు మంచం మీద పడేస్తూ.

నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏమన్నా నవ్వుతూనే అంటాడు. అందుకే మా ఇంటికొచ్చిన ఆడవాళ్ళంతా వెళ్ళేముందు నువ్వు అదృష్టవంతురాలివి అని నాకు చెప్పి మరీ వెళ్తారు. నేను తువ్వాలు తీసి ఆరేసి, పరుపు మీద తడిసిన చోట దిండు పెట్టాను. మా బుడ్డదానికి ఏడాదిన్నర. తడి కనబడితే చాలు, అందులో చెయ్యి పెట్టి ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఆ రోజు నేను చూడబోయేది నాలుగో డేకేర్. జీతం లేకుండా పొడిగించుకున్న నా సెలవు ఇంకో నెలలో అయిపోతుంది. ఒకటో తారీఖున డ్యూటీలో చేరకపోతే నా స్థానంలో వేరేవాళ్ళని తీసుకుంటామని కంపెనీ ఉత్తరం రాసింది. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఆయన రోజుకి పదిసార్లు ఆ తలుపు తీసి చల్లనీళ్ళు తాగుతాడు. ఉత్తరం గురించి ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు.

నాది మందుల కంపెనీలో చెకింగ్ పని. మాత్రల అట్టలు పెట్టెల్లో సర్దుకుని లైను చివరికొస్తాయి. అక్కడ కూర్చుని దేన్నీ నమ్మకపోవడమే నా ఉద్యోగం. చేరిన కొత్తలో మా సూపర్‌వైజరక్క చెప్పింది, “పై వరుసలో పెట్టె తియ్యకు. నువ్వు తీస్తావని తెలిసే అది అక్కడ పెడతారు. అడుగు వరుసలోది లాగు. ఇంకోటి, వస్తున్నానని ముందు చెప్పి ఎక్కడికీ వెళ్ళకు.” ఎనిమిదేళ్ళుగా అదే చేస్తున్నాను. ఎవరైనా అంతా బాగుందంటే నా చెయ్యి దానంతటదే అడుగు వరుసకి పోతుంది. ఇంట్లో ఈ గుణం ఎవరికీ నచ్చదు. “అనుమానం పెనుభూతం అమ్మాయ్,” అంటుంది అత్తయ్య. “మా ఆవిడ వెన్నెలని కూడా వాసన చూస్తే గానీ ఒప్పుకోదు,” అంటాడు ఆయన నలుగురిలో. నలుగురూ నవ్వుతారు. ఖాళీ కప్పులు ఏరుకుంటూ నేనూ నవ్వుతాను.

మొదటి డేకేర్లో గోడల నిండా బాతు బొమ్మలు. పదకొండు గంటలకి వెళ్తే ఫినాయిలు వాసన గుప్పుమంది. శుభ్రంగా ఉందని సంతోషించాల్సిందే, కానీ పిల్లలున్న గదిని ఆ వేళప్పుడు అంత గట్టిగా ఎందుకు కడిగారు? ఏం కడిగారు? పైగా పిల్లలు సంచులు తగిలించుకునే కొక్కేలు నా భుజం ఎత్తున ఉన్నాయి. అవి పిల్లల కోసం పెట్టినవి కావు, చూడటానికి వచ్చే నాలాంటివాళ్ళ కోసం పెట్టినవి. రెండోదాంట్లో పన్నెండు కెమెరాలున్నాయని, ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చని మేనేజరు గారు చెప్పారు. పన్నెండూ లెక్కపెట్టాను. పిల్లలు పడుకునే గదిలో ఒక్కటీ లేదు. అడిగితే, “పడుకున్న పిల్లల్ని ఏం చూస్తారు మేడమ్,” అన్నారు.

మూడోది నాకు దాదాపు నచ్చింది. అక్కడ ఒక్కో పిల్లకీ ఒక్కో డైరీ. ఏం తిన్నది, ఎంతసేపు పడుకున్నది రోజూ రాసి పంపుతారట. టీచరు నీళ్ళు తేవడానికి లోపలికెళ్ళినప్పుడు బల్ల మీది డైరీల్లో అడుగున ఉన్నది లాగాను. ఆ రోజు పేజీలో, “ఒంటిగంట నుంచి రెండున్నర వరకు చక్కగా నిద్రపోయింది” అని ఉంది. గోడ గడియారం చూశాను. పదిన్నర. ఇంకోటి తీశాను. అందులోనూ చక్కగా నిద్రపోయింది. ఇంకా జరగని మధ్యాహ్నానికి అందరూ చక్కగా నిద్రపోయారు. ఆ పని నాకు కొత్త కాదు. కడుపుతో ఉన్న రోజుల్లో నడుం లాగేస్తుంటే నేనూ ఒకసారి సాయంత్రం దాకా చెకింగ్ షీటు మధ్యాహ్నమే నింపేశాను. అక్క పట్టుకుంది. తిట్టలేదు, నా ఎదురుగానే ఆ షీటు చింపేసి కొత్తది ఇచ్చింది. అందుకే ఆ టీచరుని నేనేమీ అనలేదు. నీళ్ళు తాగి, పిల్లనెత్తుకుని వచ్చేశాను.

ప్రతిసారీ సాయంత్రం ఆయన అడిగేవాడు, “ఏమైంది?” నేను చెప్పేదాన్ని. ఆయన ఓపిగ్గా వినేవాడు. “సర్లే, నచ్చకపోతే వద్దులే. తొందరేముంది?” అనేవాడు. ఒక్కసారి కూడా నాతో రాలేదు. “చూడటంలో నీ అంత దాన్ని ఎక్కడ తేగలం, నువ్వే చూడు,” అన్నాడు. ఇరవై రెండు రోజుల సెలవులు పోగేసుకున్నాడు, అవి ఎప్పుడైనా పనికొస్తాయట. అత్తయ్య మాత్రం, “నేను ముగ్గుర్ని పెంచాను, ఎవర్నీ ఎక్కడా దింపి రాలేదు,” అనేది. మరి మీరు చూస్తారా అంటే, “నా మోకాళ్ళతో దాని వెనకాల ఎక్కడ పరిగెత్తను?” అనేది. పరాయివాళ్ళ చేతిలో పెట్టకూడదు, ఇంట్లో చేతులు ఖాళీ లేవు. ఇక మిగిలినవి ఎవరి చేతులో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆ మాట పైకి అనేవారు కాదు. వీళ్ళందరి మధ్యలో ఆయన ఒక్కడే నన్ను తొందరపెట్టడం లేదని నాకు ఆయన మీద ప్రేమ పొంగేది. ఇది ఇప్పుడు రాయడానికి ఒళ్ళు మండుతోంది గానీ, అప్పుడు నిజంగానే పొంగేది.

నాలుగోది ఒక రిటైరైన నర్సమ్మ కింది వాటాలో నడుపుతున్నది. చెప్పకుండా ఒంటిగంటంపావుకి వెళ్ళాను. తలుపు ఆవిడే తీసింది. లోపల నేలంతా బొమ్మలు, ఒక మూల బండలు పగిలి ఉన్నాయి, ఒక పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాణ్ణి భుజాన వేసుకుని ఆవిడ నాతో మాట్లాడింది. “ఇవాళే దింపారు వీణ్ణి. వాళ్ళమ్మ కోసం ఏడుస్తున్నాడు. ఏడవాల్సిందేగా మరి.” బాత్రూమ్ చూస్తానన్నాను. “చూడమ్మా, అదే ముందు చూడాలి,” అంది. సబ్బు పిల్లల చేతికందే ఎత్తులో ఉంది, దాని మీద పంటిగాట్లు కూడా ఉన్నాయి. గోడవార మేకుకి ఒక పుస్తకం వేలాడుతోంది. తీశాను. “నిద్రపోలేదు. సగం తిని ఊసేసింది. పక్క పిల్లని చేతి మీద కరిచింది, తల్లికి చెప్పాను.” నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి ఒకళ్ళు జరిగింది జరిగినట్టు రాశారు.

అయితే ఖాళీ లేదు. ఒక పిల్ల ఇంకో రెండు వారాల్లో పెద్ద స్కూలుకి వెళ్ళిపోతుందని, ఆ చోటు మా బుడ్డదానికి రావచ్చని చెప్పి ఆవిడ ఒక ఫారం ఇచ్చింది. “ఖాళీ రాగానే మొదటి నంబరుకి ఫోన్ చేస్తాను. రెండు రోజులు చూస్తాను. మీలాగే వేరేవాళ్ళూ ఎదురుచూస్తుంటారు కదమ్మా.” పిల్ల ఒళ్ళో కూర్చుని పెన్ను లాక్కుంటుంటే గబగబా నింపి ఇచ్చాను. ఆ సాయంత్రం ఆయనకి చెప్పబోతే ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టాడు. దొరికింది, ఫోన్ వస్తుంది అన్నంతవరకే చెప్పి ఆపేశాను.

రెండు వారాలు ఫోన్ని పసిపిల్లలా వెంటేసుకుని తిరిగాను. స్నానానికి వెళ్తే సబ్బు పక్కన పెట్టుకున్నాను. రాలేదు. మూడో వారం వచ్చింది. నాలుగు రోజుల్లో ఒకటో తారీఖు. “అక్కడ మనకి రాసిపెట్టి లేదేమో,” అన్నాడు ఆయన, భోజనం చేస్తూ. “కంపెనీకి ఉత్తరం రాయాలంటే నేను టైపు చేసి పెడతాను. మర్యాదగా రాసి మానేస్తే రేపెప్పుడైనా మళ్ళీ తీసుకుంటారు.” నేను ఇంకా ఆశ ఉందన్నాను. “ఇంకెక్కడి ఆశ. పెద్ద స్కూలుకి వెళ్ళే ఆ పిల్ల వెళ్ళిపోయి వారం దాటింది. ఆవిడ ఎవరికో ఇచ్చేసే ఉంటుంది,” అన్నాడు.

ఆ పిల్ల సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాను. ఎక్కడో ఫినాయిలు వాసన వచ్చినట్టయింది. నవ్వు, ఓపిక, తొందరేముంది అనడం, నచ్చకపోతే వద్దులే అనడం. ఇంత శుభ్రంగా కడిగింది దేన్ని? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలీదు, నా ఉద్యోగం మాత్రం పట్టుకోవడమే. అయినా ఏడేళ్ళ కాపురంలో ఈ మనిషిలో పై వరుస తప్ప ఇంకేదీ తెరిచి చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు.

మర్నాడు పిల్లని చంకనేసుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి ఆవిడ ఆశ్చర్యపోయింది. “ఉద్యోగం మానేస్తున్నారటగా. మీవారు చెప్పారే,” అంటూ మేకు మీది పుస్తకం కాకుండా ఇంకోటి తీసి చూపించింది. పోయిన సోమవారం పేజీ. “తల్లి ఉద్యోగం మానేస్తోంది, అవసరం లేదు అన్నారు. తండ్రి.” జరిగింది జరిగినట్టే రాసింది. దాని కింద గుండుసూదితో నా ఫారం. మొదటి నంబరు గడిలో ఆయన నంబరు, నా చేతిరాతలో, గుండ్రంగా, తప్పులేకుండా.

కోపం కంటే ముందు సిగ్గేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏ ఫారం నింపినా మొదటి గడిలో ఆయన నంబరే రాశాను. గ్యాసుకి, ఆసుపత్రికి, చివరికి పిల్ల టీకాల కార్డుకి. తేదీలు గుర్తుపెట్టుకుని ఎండలో తీసుకెళ్ళేది నేను. రేపు టీకా ఉందని మెసేజ్ వెళ్ళేది ఆయనకి. నాకు ఎవరూ అలా రాయమని చెప్పలేదు. చెయ్యి రాసుకుపోయింది, అంతే. మూడు డేకేర్ల డైరీలూ కొక్కేలూ కెమెరాలూ తప్పుపట్టిన దాన్ని, నేను రాసిన కాగితాన్ని మాత్రం తిప్పి చూసుకోలేదు.

“ఆ చోటు ఇచ్చేశానమ్మా,” అంది నర్సమ్మ. ఆవిడ గొంతులో బాధ నాకు నిజమనే అనిపించింది. “ఇంకో బాబు వాళ్ళు నెల మధ్యలో ఇల్లు మారిపోతున్నారు. పదిహేనో తారీఖు నుంచి అయితే ఇవ్వగలను. ఈలోపు చూసుకోగలరా?” కొత్త ఫారం అడిగాను. మొదటి గడిలో నా నంబరు రాశాను. రెండో గడిలో ఆయనది రాశాను. తండ్రి కదా, కాదని ఎలా అంటాను.

సాయంత్రం ఆయన వచ్చి నీళ్ళు తాగాక అడిగాను, “నర్సమ్మ ఫోన్ చేసిందా మీకు?”

“ఏ నర్సమ్మ?” అన్నాడు ముందు. తర్వాత గ్లాసు కింద పెట్టి, “నీ మంచికే చెప్పాను. ఎక్కడికెళ్ళినా నీకు అనుమానమే. రోజూ పిల్లని ఎక్కడో వదిలి నువ్వు ప్రశాంతంగా పనిచెయ్యగలవా? నువ్వు నలిగిపోతుంటే చూడలేక చెప్పాను. నేనేమన్నా ఉద్యోగం మానెయ్యమన్నానా? ఎప్పుడైనా అన్నానా?”

నిజమే. ఎప్పుడూ అనలేదు. ఏ రోజు ఏ మాటన్నాడో వెతుక్కుంటూ నిలబడ్డాను. గుమ్మం దగ్గర కూర్చుని మోకాళ్ళకి మందు రాసుకుంటున్న అత్తయ్య తలెత్తకుండా అంది, “వాడు చిన్నప్పట్నుంచీ అంతే అమ్మాయ్. వద్దని చెప్పడు. జరక్కుండా చూస్తాడు. వాళ్ళ నాన్నా అంతే.” ఆ చివరి మాట ఎవరి కోసం అందో నాకు తెలీదు. నేను ఆవిడ చేతిలోంచి సీసా తీసుకుని మూత పెట్టాను.

ఆయన ఏదో చెప్పబోయాడు. నేను చెప్పాను. నేను ఒకటో తారీఖున డ్యూటీలో చేరుతున్నాను. బుడ్డది పదిహేను నుంచి నర్సమ్మ దగ్గరికి వెళ్తుంది. మధ్యలో రెండు వారాలు మీరు సెలవు పెట్టండి, ఇరవై రెండు రోజులున్నాయి కదా, ఎప్పుడైనా పనికొస్తాయన్నారు. ఆఫీసు సంగతి, మేనేజరు సంగతి, నలుగురు ఏమనుకుంటారన్న సంగతి అన్నీ చెప్పుకొచ్చాడు. నవ్వడం మాత్రం మర్చిపోయాడు. చివరికి, “నా మీద నమ్మకం ఉంటే కదా, పిల్లని నాకు వదిలి వెళ్ళడానికి,” అన్నాడు.

“పని చేస్తే నమ్మకం అదే వస్తుందండీ,” అన్నాను. “ముందు చెయ్యండి.”

ఒకటో తారీఖు పొద్దున యూనిఫాం వేసుకున్నాను. పిల్ల పుట్టాక నడుం దగ్గర బిగుతైంది, పిన్నీసు పెట్టుకున్నాను. మంచం మీద తడి తువ్వాలు ఉంది. అక్కడే వదిలేశాను. ఆయన పిల్లని ఎత్తుకుని హాల్లో నిలబడ్డాడు. అది ఆయన కాలరు నములుతోంది. నన్ను చూసి చేతులు చాచింది. ఎత్తుకుంటే వెళ్ళలేనని తెలిసి దాని పాదం మాత్రం పట్టుకుని వదిలేశాను.

బల్ల మీద కొత్త నోటుపుస్తకం పెట్టాను. పేజీకి మూడు గడులు గీసి ఉంచాను, ఏం తిన్నది, ఎంతసేపు పడుకున్నది, ఎందుకు ఏడ్చింది. “రోజూ రాయండి. ఏదైనా జరిగాకే రాయండి. ముందే నింపొద్దు,” అన్నాను.

ఆయన పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు. “మధ్యాహ్నం భోజనం టైముకి వస్తావా?” అన్నాడు. కంపెనీ నుంచి ఇంటికి నడిచే దూరమే.

“వస్తాను.”

“ఎన్నింటికి?”

నేను చెప్పులేసుకుని తలుపు తీశాను.

“చెప్పి రాను,” అన్నాను.