కోయని మడతలు

ఆ ఇంట్లో గుసగుసలు చెల్లవు. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినా వీధి చివరి దాకా వినపడాల్సిందే. ఇంటి ఇల్లాలు పందొమ్మిదేళ్లుగా సీసాల కర్మాగారంలో పనిచేస్తోంది. వేల కొద్దీ ఖాళీ సీసాలు ఒకదానికొకటి తగులుకుంటూ పరుగెత్తే గది ఆమెది. ఆ మోతకు ఆమె చెవులు ఏడాదికి కొంత చొప్పున మొద్దుబారిపోయాయి. కొత్తగా ఆ వీధికి వచ్చినవాళ్లు ఆ ఇంట్లో పొద్దస్తమానం పోట్లాటలే అనుకునేవారు. నిజానికి వాళ్లంత సఖ్యంగా ఉన్న కుటుంబం ఆ చుట్టుపక్కల లేదు.

తండ్రి పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తాడు. ముందు గదే ఆయన పనిచోటు. ఒక్కగానొక్క కూతురు, ఇంట్లో అందరూ బుల్లి అని పిలిచే పద్దెనిమిదేళ్ల పిల్ల, ఆ కాగితాల మధ్యే పెరిగింది. పెద్ద కాగితపు ఠావును మూడు మడతలు పెడితే పదహారు పేజీలవుతాయనీ, దాన్ని ఫారం అంటారనీ ఆ పిల్లకు అక్షరాలకంటే ముందే తెలుసు. ఏ పేజీ ఠావులో ఎక్కడ పడుతుందో, ఏది తలకిందులుగా రాయాలో కూడా తెలుసు. అందుకే ఏం రాసినా నోటుపుస్తకంలో రాసేది కాదు. నేల మీద ఠావు పరుచుకుని, చుట్టూ తిరుగుతూ రాసి తండ్రికిచ్చేది. ఆయన మడిచి, కుట్టి, అంచులు కోసి పుస్తకం చేసిచ్చేవాడు. తండ్రీకూతుళ్లకు అదొక ఆట.

ఆ రోజు శుక్రవారం. డిగ్రీ దరఖాస్తుల్లో మార్పులు చేసుకోవడానికి సాయంత్రం ఐదు గంటల వరకే గడువు. ఆ సంగతి బుల్లికి గుర్తుంది కానీ, తను మార్చుకోవాల్సిందేమీ లేదనుకుంది. మార్చవలసింది మూడు వారాల క్రితమే మార్చేసింది. తల్లి తన మాట వినలేక అయోమయంగా నవ్విన రోజు నుంచీ ఆ పిల్ల మనసులో ఒకటే చదువు ఉండేది: వినికిడి తగ్గినవాళ్లను పరీక్షించి, వాళ్లకు మళ్లీ మాట వినిపించే చదువు. దరఖాస్తులో మొదటి ఎంపిక గడిలో అదే రాసింది. తర్వాత దాన్ని రెండో గడిలోకి నెట్టి, మొదటి గడిలో చరిత్ర అని రాసింది. రాయించినవాడు చరిత్ర మాస్టారు.

ఆయనంటే బుల్లికి ప్రాణం. డిగ్రీ కూడా ఉన్న ఆ కాలేజీలో, బుల్లిలాంటి ఇంటర్ సైన్సు పిల్లలకూ వారానికోసారి ఆయన క్లాసు ఉండేది. కాలేజీలో గొంతెత్తకుండా పాఠం చెప్పేది ఆయనొక్కడే. అరుపుల ఇంట్లో పెరిగిన పిల్లకు ఆ మెత్తని గొంతు వింటుంటే హాయిగా ఉండేది. ఆయన ఒకసారి, మీకు తెలిసినవాళ్ల చరిత్ర రాసి తీసుకురండి అన్నాడు. మిగతావాళ్లు రెండేసి పేజీలు రాసి చేతులు దులుపుకున్నారు. బుల్లి రెండు నెలలు తిరిగింది. తల్లితో పనిచేసిన ఇరవైరెండు మంది ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎవరి చెవి ఏ సంవత్సరం పోయిందో, ఆఖరిసారి ఏ చప్పుడు స్పష్టంగా విన్నారో అడిగి రాసుకుంది. మూడు ఠావులు, నలభై ఎనిమిది పేజీలు అయ్యాయి.

అప్పుడే కటింగ్ మిషన్ బ్లేడు సానకు వెళ్లింది. తండ్రి కుట్టు వేసి, అట్ట అతికించి, అంచులు కోయకుండానే పుస్తకం చేతికిచ్చాడు. "మడతలు చాకుతో కోసుకుని చదువుకోమని చెప్పవే" అని మరీ మరీ చెప్పాడు. బుల్లి కంగారులో మాస్టారి బల్ల మీద పుస్తకం పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా పరుగెత్తుకొచ్చింది. నాలుగు రోజుల తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. చివరి పేజీలో ఎర్ర సిరాతో ఇలా ఉంది: 'నలభై ఎనిమిది పేజీలూ ఏకబిగిన చదివాను. ఈ చేయి చరిత్ర రాయడానికే పుట్టింది.'

ఆ రెండు వాక్యాలకు ఆ పిల్ల కాళ్లు నేల మీద నిలవలేదు. మర్నాడే మాస్టారు పక్కకు పిలిచి, "దరఖాస్తులో మొదటి గడి ఖాళీగా ఉంచినట్టే లెక్కమ్మా, అందులో చరిత్ర లేకపోతే" అన్నాడు. అంతే. మార్చేసింది. పుస్తకాన్ని పాత ఓణీలో చుట్టి బీరువాలో దాచుకుంది. ఎప్పుడు తీసినా చివరి పేజీయే చదువుకునేది. తను రాసింది తనకు కంఠతా వచ్చు కదా, లోపలికి చూడాలని తోచనే లేదు.

ఆ శుక్రవారం పొద్దున సాన పట్టిన బ్లేడు ఎట్టకేలకు వచ్చింది. "నీ పుస్తకం ఇలా తే, అంచులు సరిచేసిస్తాను" అన్నాడు తండ్రి. చేతిలోకి తీసుకుని అలవాటుగా బొటనవేలితో పేజీలు జారవిడవబోయి ఆగిపోయాడు.

"ఇదేంటే బుల్లీ, మీ మాస్టారు దీన్ని ఎలా చదివాడు?"

"ఎలా చదవడమేంటి నాన్నా, కళ్లతోనే!"

"కళ్లతో చదవాలన్నా ముందు పేజీ తెరుచుకోవాలి కదమ్మా."

బుల్లి దగ్గరకొచ్చి చూసింది. మడతలు మడతల్లాగే ఉన్నాయి. ప్రతి ఫారంలోనూ సగానికి పైగా పేజీలు అంటుకున్న సంచుల్లా మూసుకునే ఉన్నాయి. ఎక్కడా చాకు తగిలిన జాడ లేదు.

"పక్క నుంచి తొంగి చూసి చదివారేమో నాన్నా. పెద్దవాళ్లు కదా, పుస్తకం పాడవుతుందని..."

తండ్రి ఒక మడత లోపల వేలు పెట్టి, మెల్లగా బయటికి తీశాడు. "ముప్పయ్యేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఒకరు తొంగి చూసినా కాగితం సడలుతుంది. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు తల్లీ."

తల్లి అప్పుడే పనికి బయల్దేరుతూ, ఏమైందని కేకేసింది. కూతురు పుస్తకం మీదకు వంగి మడతలు ఒక్కొక్కటీ తడుముతోంది. తండ్రే చెప్పాల్సి వచ్చింది. "మాస్టారు పుస్తకం చదవనే లేదు!" అని ఒకసారి అరిచాడు. వినపడలేదంది. "చదవలేదు! చదివానని అబద్ధం రాశాడు!" అని మళ్లీ అరిచాడు. పాపం, ఆ ఇంట్లో అవమానాన్ని కూడా గుట్టుగా దిగమింగుకోవడానికి వీల్లేదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. బుల్లికి తల కొట్టేసినట్టయింది.

తల్లి చేతిసంచి కింద పెట్టి కూతురి పక్కన కూర్చుంది. "చూడవే. ఆయన మోసం చేశాడని చరిత్ర మీద అలగకు. అలాగని నా చెవుల మీద జాలితో ఆ రెండో చదువూ ఎత్తుకోకు. నేను పోయాక ఆ జాలి దేనికీ పనికిరాదు. సాయంత్రం దాకా టైముంది. వెళ్లి అడుగు, తర్వాత నీ బుద్ధికి తోచింది చెయ్యి" అంది. ఆమె మామూలు గొంతుతోనే అన్నాననుకుంది. వీధి వీధంతా వింది.

చరిత్ర విభాగం కాలేజీలో మెట్ల కింద చిన్న గది. చుట్టిన పటాలు మూలన నిలబడి ఉన్నాయి. మాస్టారు బుల్లిని చూసి నవ్వాడు. "రామ్మా, చరిత్రకారిణీ!"

ఆ పిలుపు వినగానే ఆ పిల్లకు ఏడుపు ముంచుకొచ్చింది. మూడు వారాలుగా ఆ పిలుపు కోసమే ఆ గది ముందు వరండాలో అటూ ఇటూ తిరిగింది. పుస్తకం బల్ల మీద పెట్టి, మడతలు ఆయన వైపు తిప్పింది.

"సార్, ఇందులో మీకు ఏ పేజీ నచ్చింది?"

"అన్నీ బాగున్నాయమ్మా. ముఖ్యంగా ఆ మధ్యలో..." అంటూ ఆయన పుస్తకం తెరవబోయాడు. తెరుచుకోలేదు. ఇంకోచోట ప్రయత్నించాడు. అక్కడా తెరుచుకోలేదు. నీళ్లు నములుతూ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎందుకు రాశారు సార్ అలా?"

ఆయన పుస్తకాన్ని పక్కకు జరిపి చెప్పడం మొదలుపెట్టాడు. చరిత్రను మొదటి గడిలో రాసినవాళ్లు ఇరవై మంది లేకపోతే విభాగం ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చిందట. పిల్లల్ని మీరే తెచ్చుకోండి అన్నారట. "ఇరవైరెండేళ్ల నుంచి ఈ గదిలో ఉన్నానమ్మా. అప్పటికి పద్దెనిమిది మంది దొరికారు. ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పాను. ఒకడికి ఉద్యోగం వస్తుందన్నాను, ఒకడికి సులువుగా పాసవుతావన్నాను. నువ్వు..."

"నన్ను పొగిడితే చాలు అనుకున్నారు."

మాస్టారు తల దించుకున్నాడు. కాదనలేదు. ఒక్కసారి కాదంటే బాగుండునని బుల్లి ఎదురుచూసింది. అబద్ధమైనా సరే ఆ ఒక్క మాట అంటాడేమోనని చూసింది.

"పందొమ్మిదో మనిషిని నేనే కదా సార్."

"నీ పుస్తకం బాగానే ఉండి ఉంటుందమ్మా. నువ్వు కష్టపడే పిల్లవి" అన్నాడాయన. ఆ 'ఉండి ఉంటుంది' అనే మాట ఆ పిల్లను చివరి పేజీలోని అబద్ధం కంటే ఎక్కువ కోసింది.

బుల్లి సంచిలోంచి తండ్రి చాకు తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు చదవండి సార్. నేనిక్కడే కూర్చుంటాను."

ఆయన చాకు అందుకున్నాడు. చేతకాని చేతులతో ఒక్కో మడతా కోశాడు. కాగితం అంచులు వంకరటింకరగా చిరిగాయి. ముందు మొక్కుబడిగా మొదలుపెట్టాడు. పది పేజీలు దాటాక కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఇరవయ్యో పేజీలో ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. ఆ పేజీలో సీసాల గదిలో పనిచేసి మానేసిన ముసలామె ఒకావిడ మాటలున్నాయి: 'మనవరాలు పుట్టినప్పుడు ఏడ్చిందని అందరూ అన్నారు. నోరు తెరిచింది చూశాను. ఏడుపు నాదాకా రాలేదు.'

మాస్టారు ఆ మాటల మీద వేలు పెట్టాడు. "ఎంత గొప్పగా రాశావమ్మా! ఈ వాక్యం చూడు. ఇలా రాయగలిగేవాళ్లు నా సర్వీసులో నాకు కనపడలేదు. ఈసారి నిజంగానే చెప్తున్నాను. నువ్వు చరిత్రే చదవాలి."

బుల్లి ఆ పేజీ వైపు చూసింది. ఆయన వేలు వాక్యం మీద ఉంది. ఆ పిల్లకు మాత్రం ఆ ముసలామె గుర్తొచ్చింది. ఆమె కుడిచెవి పూర్తిగా పోలేదని వాళ్లింటికి వెళ్లిన మూడో రోజు కనిపెట్టి, బుల్లి కుర్చీ అటు జరుపుకుని మాట్లాడింది. మనవరాలిని ఆ పక్కన కూర్చోబెట్టి పిలవమంది. ఆ చిన్నపిల్ల 'నానమ్మా' అనగానే ముసలామె చటుక్కున తల తిప్పింది. ఆ తల తిరగడం పుస్తకంలో రాయలేదు. కానీ ఆ రెండు నెలల్లో తనకు దక్కిన సంతోషమంతా అక్కడే ఉందని, ఎవరూ పొగడకుండానే ఆ పిల్లకు అర్థమైంది.

"మీరు నిజమే చెప్తున్నారేమో సార్" అంది లేచి నిలబడి. "కానీ అది నాకెలా తెలుస్తుంది?"

మెచ్చుకోలు నిజమైనదే అయినా, అప్పటికే దాని మీద నమ్మకం చచ్చిపోయింది. ఆ గది నుంచి బయటికి నడుస్తూ బుల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చింది పుస్తకం కోసం కాదు. రేపటి నుంచి ఎవరు బాగుందన్నా, వీళ్లకు నా వల్ల ఏం కావాలో అని వెతుక్కోవాల్సి వస్తుంది కదా, అందుకు ఏడ్చింది.

నాలుగున్నరకు కంప్యూటరు గదిలో కూర్చుని దరఖాస్తు తెరిచింది. చరిత్రను రెండో గడిలోకి దించి, మొదటి గడిలో వినికిడి చదువు పెట్టింది. నిర్ధారించమని తెర అడిగింది. కోపంతో చేస్తున్నానా అని తనను తాను ఒకసారి ప్రశ్నించుకుంది. కోపం ఉంది, కానీ చేయిస్తున్నది కోపం కాదు. నొక్కింది.

బుల్లి ఇంటికి రాగానే తండ్రి చిరిగిన అంచులు చూసి నిట్టూర్చాడు. పుస్తకాన్ని మిషన్ కింద పెట్టి మూడు వైపులా సమంగా కోశాడు. చివరి పేజీ దగ్గర వేలు ఆపాడు. "ఈ ఎర్ర సిరా పేజీ తీసేయమంటావా?"

"ఉంచు నాన్నా. అదీ జరిగిందే కదా."

పని నుంచి వచ్చిన తల్లి ఏం చేశావని అడిగింది. బుల్లి అరవలేదు. తల్లికి కాస్త వినపడే ఎడమవైపుకు వెళ్లి కూర్చుని, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. తల్లి మొదటిసారికే విని తలూపింది.

ఆ మాస్టారు దుర్మార్గుడేమీ కాదు. గదిని కాపాడుకోవాలని చూసిన మనిషి. పిల్లల్ని మీరే తెచ్చుకోండని ఆయన మెడ మీద కత్తి పెట్టినవాళ్లకూ ఈ పాపంలో వాటా ఉంది. కానీ మన కుర్చీ నిలబెట్టుకోవడానికి పిల్లల కాళ్ల కింద నేల తవ్వే హక్కు మనలో ఎవరికీ లేదు. ఏ చదువు చదవాలని అడుగుతూ వాళ్లు మన ముందుకొచ్చేటప్పుడు చేతిలో వాళ్ల బతుకంతా రాసిన పుస్తకం పట్టుకునే వస్తారు. అయ్యా, అమ్మా, దయచేసి ముందు ఆ మడతలు కోసి చదవండి, తర్వాతే దారి చెప్పండి.